పట్టేసిన చక్రాలు

మా ఆయన డ్రైవరు. రేపల్లెలో మా వీధిలో ఎవరికి పురిటినొప్పులొచ్చినా, ఏ పెద్దాయనకు ఆయాసం ఎక్కువైనా తెనాలి ఆసుపత్రికి మా పాత తెల్ల కారే కదలాలి. మా పెళ్ళయిన కొత్తలో ఎవరి దగ్గరో వాడేసిన బండి కొన్నారు. ఇప్పటికీ అదే. నా వయసు అడిగితే నాకు రాని కోపం, దాని వయసు అడిగితే ఆయనకు వస్తుంది.

రెండేళ్ళ కిందట ఎండాకాలంలో బాపట్లలో పెళ్ళి చూసుకుని వస్తున్నాం. కర్లపాలెం దాటామో లేదో బండి బరువెక్కినట్టు మూలగడం మొదలుపెట్టింది. ఆయన యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నారు, అది నడుస్తూనే ఉంది, కానీ ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టుంది. కాలిన వాసన. దిగి, చక్రం దగ్గర అరచెయ్యి పెట్టి చూసి, నా చేతిలో నీళ్ళ సీసా లాక్కుని చక్రం లోపలి బ్రేకు డ్రమ్ము మీద కుమ్మరించారు. చుయ్ మంది.

"బ్రేకులు పట్టేశాయే. తొక్కింది తొక్కినట్టే ఉండిపోయింది" అన్నారు.

"బాగుంది. ఉన్న మంచినీళ్ళన్నీ దానికి తాగించారు, మరి నేనేం తాగాలండీ?" అన్నాను. ఆయన నవ్వారు. ఓ గంట చెట్టు కింద కూర్చున్నాం. చక్రాలు చల్లారాక బండి ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చేసింది.

ఆ తర్వాత ఇదే తంతు. చల్లగా ఉన్నంతసేపు బాగుంటుంది, కొంచెం దూరం పోగానే పట్టేస్తుంది. హ్యాండ్ బ్రేక్ కేబుల్ అన్నారు, కొత్తది వేయించారు. బేరింగులు అన్నారు, అవీ మార్పించారు. ఊళ్ళో ఉన్న మెకానిక్కులందరితోనూ తగాదా పడ్డారు. "వీళ్ళకి పానా పట్టుకోవడం కూడా రాదు" అని ఇంటికొచ్చి నా మీద ఎగిరేవారు. ఒకరోజు నెలలు నిండిన పిల్లను తీసుకుని తెనాలి వెళ్తుంటే వేమూరు దగ్గర బండి నిలిచిపోయింది. ఆ పిల్లను ఆటోలోకి మార్చారు. కాన్పు క్షేమంగానే అయింది గానీ, వాళ్ళమ్మ నడిరోడ్డు మీద నిలబడి శాపనార్థాలు పెట్టిందట. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు.

"దాన్ని పాత ఇనుముకి అమ్మి పారేయండి, పీడా వదిలిపోతుంది!" అన్నాను నేను. ఆయన నాతో మాట్లాడడం మానేశారు.

చివరికి తెనాలి తీసుకెళ్ళాం. అక్కడ షెడ్డు నడిపే మెకానిక్కు ఒకప్పుడు మా ఆయన దగ్గరే పని నేర్చుకున్నవాడు. ఆయన్ని గురువుగారూ అంటాడు, నన్ను అక్కా అంటాడు. ముందు బండి తనే తీసుకెళ్ళి, పట్టేసేదాకా ఊరంతా తిప్పుకొచ్చాడు. జాకీ పెట్టి చక్రం లేపాడు. చేత్తో తిప్పితే తిరగలేదు. చక్రం వెనక చిన్న నట్టు ఒకటి వదులు చేశాడు. లోపలి బ్రేక్ ఆయిల్ చివ్వున చిమ్మింది, చక్రం ఠక్కున వదిలేసింది.

"కేబులూ కాదు, బేరింగూ కాదు గురువుగారూ. మనం కాలు తీసినా ఆయిలు వెనక్కి రావట్లేదు. ఎక్కడో దారి మూసుకుపోయింది" అన్నాడు.

బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీశాడు. మూతలోని రబ్బరు నీళ్ళలో నానిన అప్పడంలా ఉబ్బి ఉంది. వేలు ముంచి, రాసి, వాసన చూశాడు. అతని మొహం మారిపోయింది.

"ఇందులో ఇంజిన్ ఆయిల్ పోశారండి. అది తగిలి లోపలి రబ్బర్లన్నీ ఉబ్బిపోయాయి."

"ఎవడ్రా పోసింది?" అని మా ఆయన షెడ్డు అదిరేలా అరిచారు. "నా బండి బానెట్ మీద నేను తప్ప ఇంకొకడు చెయ్యి వెయ్యడు!"

అంటే పోసింది ఆయనే. మెకానిక్కే తేరుకుని, "కొన్న ఆయిలు డబ్బా మీద పేరు చెరిగిపోయి ఉంటుందిలెండి" అన్నాడు. నేను కూడా అందుకుని, కళ్ళజోడు పెట్టుకోమంటే వింటేగా అని దెప్పాను. రబ్బర్లూ పైపులూ అన్నీ మార్చాడు. బండి హాయిగా పరుగెత్తింది. హమ్మయ్య అనుకున్నాను.

కొన్నాళ్ళకు పెరట్లో బియ్యం కడుగుతున్నాను. తల తిప్పి చూస్తే ఇంటి పక్కన బండి బానెట్ ఎత్తి ఉంది. ఆయన చేతిలో ఇంజిన్ ఆయిల్ డబ్బా, దాని మూతి బ్రేక్ ఆయిల్ డబ్బా మీద వంచి ఉంది.

"అయ్యో అయ్యో, ఏం చేస్తున్నారండీ!"

"ఏంటే ఆ అరుపు? ఇంజిన్‌కి ఆయిల్ తగ్గింది, పోస్తున్నా."

కళ్ళజోడు పెట్టుకునే ఉన్నారు. ఆయన చేతిలో డబ్బా లాక్కున్నాను. "తెనాలిలో మొన్నేగా చెప్పాడు, ఇందులో పొయ్యకూడదని!" అంటే, "తెనాలి ఎప్పుడెళ్ళాం?" అన్నారు.

ఆయన్ని బస్సెక్కించి తెనాలిలో డాక్టరుకు చూపించాను. మతిమరుపు జబ్బు, ముదిరేదే గానీ నయమయ్యేది కాదు, ముందు డ్రైవింగ్ మాన్పించండి అన్నారు డాక్టరుగారు. మా ఆయన బుద్ధిగా తలూపారు. మెట్లు దిగి వీధిలోకి రాగానే, "బండి ఎక్కడ పెట్టానే?" అని అటూ ఇటూ వెతకడం మొదలుపెట్టారు.

తాళాలు దాచాను. దొంగలు పడ్డారని వీధంతా తిరిగి, గడప మీద కూర్చుని ఏడ్చారు. చూడలేక ఇచ్చేశాను. అమ్మేద్దామంటే, "నన్ను కూడా ఆ డిక్కీలో పెట్టి పంపించెయ్యి" అన్నారు. ఈలోగా "బాబాయిగారూ, అర్జంటుగా తెనాలి వెళ్ళాలి" అంటూ జనం రావడం ఆగలేదు. ఏ తల్లినీ బిడ్డనూ ఎక్కించుకుని ఎందులోకి తోస్తారో అని నాకు ముద్ద దిగేది కాదు. వచ్చినవాళ్ళకు ఆయన ఎదుటే ఈ జబ్బు సంగతి ఎలా చెప్పను?

మెకానిక్కుకు ఫోన్ చేశాను. "తమ్ముడూ, బాగుచేసిన చేత్తోనే పాడు చెయ్యాలయ్యా."

"గురువుగారి బండిని నేనా అక్కా?" అన్నాడు.

"ఇంకెవరున్నారు నాకు?"

ఆయన మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసుకుని వచ్చాడు. వెనక చక్రాలు రెండూ లేపి, లోపల బ్రేకులు డ్రమ్మును గట్టిగా పట్టుకునేలా బిగించేశాడు. బండి అంగుళం కదలదు. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

అప్పటి నుంచి వచ్చినవాళ్ళకు మా ఆయనే చెప్పేవారు, "బ్రేకులు పట్టేశాయమ్మా, రేపటికల్లా చేసేస్తా" అని. పొద్దున్నే కాఫీ తాగి బండి పక్కన చతికిలబడేవారు. సాయంత్రానికి ఏం చేశారో ఆయనకే గుర్తుండేది కాదు. నాకు ప్రాణం కుదుటపడింది. అలా కుదుటపడినందుకు నా మీద నాకే అసహ్యం వేసేది.

ఒకరోజు పొద్దున్న, "ఏమే! ఇలా రా!" అని కేక. పరుగెత్తాను. వెనక చక్రం జాకీ మీద గాల్లో ఉంది. ఆయన మోచేతుల దాకా గ్రీజు.

"కేబుల్ కాదు, ఆయిల్ కాదు. ఎవడో కావాలనే బిగించాడే. రెండు పక్కలా విప్పేశా. చూడు!"

ఒక్క వేలుతో తోశారు. చక్రం గిర్రున తిరిగింది. ముందురోజు సాయంత్రం నన్ను పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అని అడిగిన మనిషి, ఎవరి సాయమూ లేకుండా కనిపెట్టేశారు. ఆ కళ్ళూ, ఆ గర్వమూ, అన్నీ నా మొగుడివే. నేను కూడా చక్రం తిప్పి చూశాను. "మీ చెయ్యి పడితే కానిదేముందండీ" అన్నాను.

ఆ పూట కడుపునిండా తిని పడుకున్నారు. నేను పెరట్లోకి వెళ్ళి ఫోన్ చేశాను.

"విప్పేశారు తమ్ముడూ."

"ఎవరక్కా?"

"ఆయనే. ఒక్కరే కూర్చుని."

"గురువుగారే కనిపెట్టారా! నిజంగానా అక్కా?" సంతోషం పట్టలేక అరిచాడు. తర్వాత నేను ఎందుకు ఫోన్ చేశానో తట్టినట్టుంది, ఆగిపోయాడు.

"పడుకున్నారు. లేచేలోపు వచ్చి బిగించి వెళ్ళు" అన్నాను.