మామాతో పేకాడిన శుక్రవారం

పేక ముక్క కనబడితే నాకు ఒళ్లుమంట. కోనసీమలో మాకున్న అర ఎకరం కొబ్బరితోట మా ఆయన పేకాటలోనే పోయింది. తోట పోయాకే నేను కువైట్ విమానం ఎక్కాను. ఎక్కేముందు, ఇంకెప్పుడూ ముక్క ముట్టనని ఆయన చేత పిల్లల మీద ఒట్టు వేయించుకున్నాను. అయినా నమ్మకం కుదరలేదు. నాలుగేళ్లుగా ఫోనులో ఆయనతో పిల్లల చదువులు, అత్తగారి మందులు తప్ప మరో మాట లేదు. "ముట్టుకోవడం లేదే, నిజం" అని ఆయన అన్నప్పుడల్లా "ఆ, ఆ, చూశాంలెండి" అని ఫోను పెట్టేసేదాన్ని.

అలాంటిదాన్ని నేనే కూర్చుని పేకాడాను. అదీ కువైట్‌లోని రుమైథియాలో, మామాతో. మామా అంటే నేను పనిచేసే ఇంటావిడ. ఇక్కడ ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లం అందరం ఇంటావిడను అలాగే పిలుస్తాం.

శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాయి. మామా చెల్లెలు వచ్చింది. విదేశంలో చదువుకుంటూ సెలవులకు ఇంటికొచ్చిన మామా కూతురు బల్ల మీద ఒక పెట్టె తెరిచింది. లోపల పేక, రంగురంగుల ప్లాస్టిక్ బిళ్లలు, బిళ్లల మీద అంకెలు. పోకరట. కాసినోల్లో ఆడతారట. ముగ్గురితో మజా రాదట, నాలుగో మనిషి కావాలట. సరిగ్గా అప్పుడే నేను టీ పట్టుకుని వెళ్లాను.

"యల్లా, రా రా, నువ్వు కూర్చో" అంది మామా.

"నాకు రాదు మామా."

"నేర్పుతాం."

"గిన్నెలున్నాయి మామా."

"గిన్నెలు ఎక్కడికీ పారిపోవు. కూర్చో. ఈ రోజు నీ జీతమంతా నాదే!"

వాళ్లు ముగ్గురూ పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా వైపు డబ్బు లేకుండా పేక పట్టిన మనిషిని పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పెళ్లివారి విడిదిలోనైనా, చావింట్లో జాగారానికైనా, ముక్క పడిందంటే పక్కన రూపాయి పడాల్సిందే. అందుకని బిళ్ల అంటే దీనారే అనుకున్నాను. జీతం ఎల్లుండి ఆదివారం వస్తుంది. అది మా పెద్దమ్మాయి నర్సింగు కాలేజీకి కట్టాలి. వద్దంటే మామాకు కోపం, సరేనంటే కొరివితో తల గోక్కోవడం. చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చున్నాను.

ఆట అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు. జతలు కలుస్తాయేమో చూసుకోవాలి, బిళ్లలు తోయాలి, కలవకపోతే ముక్కలు పడేసి తప్పుకోవాలి. మా ఊరి అరుగుల మీద ఆడే మూడు ముక్కలాటకు ఇది మేనత్త కూతురు. ఆడకపోయినా, ఆడే మొగుడితో కాపురం చేసినదాన్ని, నాకు తెలియదా?

తెలిసినా ఏం లాభం, పోతూనే ఉన్నాయి. నా ముందున్న బిళ్లల కుప్ప తరిగేకొద్దీ పోయిన దీనార్లు లెక్కపెట్టుకున్నాను. వాళ్లు మాత్రం నారింజ తొనలు తింటూ, ఒకళ్లనొకళ్లు ఆటపట్టించుకుంటూ హాయిగా ఉన్నారు. జీతం పోతోంది నాది కదా మరి, వాళ్లకేం!

చివరి ఆటలో నాకు కళావరు ఏడు, ఆఠీను మూడు పడ్డాయి. బల్ల మీది ముక్కల్లో ఒక్కటీ వాటితో కలవలేదు. చెల్లెలూ కూతురూ తప్పుకున్నారు. మామా పెద్ద కుప్ప ముందుకు తోసి, టీ గ్లాసు తీసి గుటక వేసింది. ఆ గ్లాసులో చుక్క లేదు. మళ్లీ నింపాల్సినదాన్ని నేనే, నాకు తెలుసు. మా ఆయన కూడా అంతే. చేతిలో ఏమీ లేనప్పుడు దాహం లేకపోయినా నీళ్ల చెంబు ఎత్తేవారు. మామా అబద్ధమాడుతోంది, అనుకున్నాను.

అప్పుడు నాకు ఫీజు గుర్తు రాలేదు. ఒట్టు. పిల్ల మొహమూ గుర్తు రాలేదు. రెండు చేతులతో ఉన్న బిళ్లలన్నీ ముందుకు నెట్టేశాను.

మామా నన్ను ఎగాదిగా చూసి ముక్కలు పడేసింది. నాలుగుల జత! నా ముక్కలు తిప్పి చూసి "వీటితోనా?" అని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆమె నిలబడి ఉంటే నా పని అయిపోయేదే. నాకు మాత్రం ఒళ్లంతా జివ్వుమంది. ఇంకొక్క ఆట ఆడితే పోయినవన్నీ వచ్చేస్తాయనిపించింది. ముక్కలు కలపడానికి నేనే చెయ్యి చాచాను.

"ఖలాస్" అని మామా బిళ్లలన్నీ ఊడ్చి పెట్టెలో పోసేసింది. ఎవరి బిళ్లలెన్నో ఎవరూ చూడలేదు.

"మామా, మరి నా జీతం?" అన్నాను.

"ఆదివారం కదా?" అంది. తర్వాత నా మొహం చూసి, విషయం అర్థమై, చెంప మీద చెయ్యేసుకుంది. "హరామ్! నీ జీతంతో నేను ఆడతానా? ఊరికే అన్నాను, పిచ్చిదానా!" కాస్త నొచ్చుకుంది కూడా. ఆపైన ఒక నారింజ ఒలిచి నా చేతిలో పెట్టింది.

వంటింట్లోకి వచ్చి నేల మీద చతికిలబడ్డాను. అమ్మయ్య! ఏడ్చాను, నవ్వాను, నారింజ తిన్నాను. పిల్ల ఫీజు భద్రంగా ఉంది. ప్రాణం లేచివచ్చింది. కానీ పెట్టె మూస్తున్నప్పుడు నాకు ముందు కలిగింది ఊరట కాదు, ఆట ఆగిపోయిందన్న బాధ. అది ఎవరికైనా చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. చెబితే అర్థమయ్యేది లోకంలో ఒక్క మనిషికే.

సాయంత్రం ఫోను చేశాను. "ఏవండీ, నేను పేకాడాను."

"ఎవరూ? నువ్వా?"

అంతా చెప్పాను. ఆయన ఊఁ కొట్టుకుంటూ విని, "చేతిలో ఏం పడ్డాయే?" అన్నారు.

"కళావరు ఏడు, ఆఠీను మూడు."

"వాటితో మొత్తం తోసేశావా! పెద్దదాని ఫీజు కదే అది!"

మా ఇంట్లో ఆ కేక ఎప్పుడూ నాదే. "ఆయ్, తోసేశాను" అన్నాను. ఇద్దరం ఒక్కసారే నవ్వేశాం.

తర్వాత ఆయన మెల్లిగా "మరి లేచొచ్చేశావా?" అని అడిగారు.

"మామా పెట్టె మూసేసింది. మూయకపోతే లేచేదాన్ని కాదండీ."

"లేవాలనే ఉండేదే నాకూ, రోజూ" అన్నారు.

"తెలిసిందండీ" అన్నాను. భోంచేశారా అని అడిగాను. ఆ మాట ఆయన్ని అడిగి నాలుగేళ్లయింది.