ఎవరికీ కనపడని డ్రిల్లు

మా బళ్లో ఆయమ్మకు ఒక అలవాటుండేది. నవ్వొస్తే కూర్చుండిపోయేది. చంకలో బిందె ఉంటే బిందె దించి, చేతిలో గంట కొట్టే కర్ర ఉంటే కర్ర పడేసి, ఉన్నచోటే గొంతుక్కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అప్పుడు నవ్వేది. అది చూడ్డం కోసమే పిల్లలు ఆమెను నవ్వించేవాళ్లు. నేనూ చాలాసార్లు నవ్వించాను. ఆమె ఎందుకలా కూర్చుంటుందో నాకు తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. అదీ నా మీదికి వచ్చాకే.

డెబ్బైల్లో మాట. బడి పత్తర్‌గట్టి వెనక సందులో, అద్దెకు తీసుకున్న నవాబుల నాటి పాత దేవిడీ భవంతిలో నడిచేది. తెలుగు, ఉర్దూ రెండు సెక్షన్లు, అందరూ ఆడపిల్లలే. చుట్టూ రెండు నిలువుల గోడ, మధ్యలో రాళ్లు పరిచిన వాకిలి. ఆ గోడ పుణ్యమాని అక్కడ డ్రిల్లు ఉండేది. బయటివాళ్లెవరూ చూడరు, నేర్పేది ఆడమనిషి అన్న నమ్మకం మీదే తల్లిదండ్రులు పిల్లల్ని దూకనిచ్చేవాళ్లు, పరిగెత్తనిచ్చేవాళ్లు. మాది గుంటూరు వైపు. మా ఆయనకు కంచన్‌బాగ్‌లో ఉద్యోగం రావడంతో ఈ ఊరు చేరాం. నేను పి.టి. టీచరుగా ట్రైనింగ్ అయినదాన్ని. నేను ‘సావధాన్’ అంటే చార్మినార్ దగ్గర గాజుల కొట్టువాళ్లు కూడా నిటారుగా నిలబడతారని పిల్లలు అనుకునేవాళ్లు. దాన్ని నేను పొగడ్త కిందే తీసుకున్నాను. తాడాటలో నన్ను మించినవాళ్లు లేరు. పిల్లలు లెక్కపెడుతుంటే రెండు వందలు ఆపకుండా దూకేదాన్ని.

రెండో కాన్పు కష్టమైంది. పిల్ల బరువు ఎక్కువ, చాలా కుట్లు పడ్డాయి. మూడు నెలలకు బడికి తిరిగొచ్చి మొదటి రోజే తాడు అందుకున్నాను. పదో పన్నెండో దూకానో లేదో లోపలి లంగా తడిసిపోయింది. ఆపేసి, కాలు బెణికిందని చెప్పి, కుంటుకుంటూ గదిలోకి వెళ్లాను. వెళ్లేటప్పుడు ఎడమకాలు, వచ్చేటప్పుడు కుడికాలు కుంటానని ఒక పిల్ల తర్వాత చెప్పింది. నాకు అబద్ధం ఆడటం కూడా చేతకాదు.

ఆ తర్వాత నా బతుకంతా దాచిపెట్టడంతో సరిపోయింది. రెండు లంగాలు కట్టుకునేదాన్ని, లోపల మడత గుడ్డ పెట్టుకునేదాన్ని. పొద్దున లేచింది మొదలు బడి వదిలేదాకా గుక్కెడు నీళ్లు తాగేదాన్ని కాదు. ప్రతి పీరియడ్‌కీ ముందు ఒంటికి వెళ్లొచ్చేదాన్ని. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా ఉన్నచోటే కూలబడేదాన్ని. తాడాట నోటితో నేర్పాను. వంటలు పుస్తకం చూసి నేర్పినట్టు. అమ్మకు ఉత్తరం రాస్తే, ఇద్దరు పిల్లలు పుట్టాక ఆడదాని ఒళ్లు అంతేనని జవాబు రాసింది. అత్తగారు కాన్పయ్యాక నడుముకు చుట్టిన నడికట్టు ఇంకాస్త బిగించమన్నారు. ఊపిరాడనంతగా బిగించాను. తడవడం తగ్గకపోగా పెరిగింది. నా మీద నాకు ఒళ్లు మండిపోయేది.

హెడ్మిస్ట్రెస్ మెతక మనిషి, కానీ గుడ్డి మనిషి కాదు. పూజా సెలవులు అయ్యాక నన్ను గదిలోకి పిలిచారు. నాకు పానం బాగున్నట్టు లేదని, కుట్లు అల్లికల క్లాసు తీసుకొమ్మని, డ్రిల్లుకు మగపిల్లల బడి నుంచి మాస్టారును అడుగుతానని చెప్పారు. ఆమె చెప్పిన తీరులో కోపం లేదు. మాస్టారు ఆ గోడ లోపల అడుగు పెట్టిన రోజున సగం మంది పిల్లలు వాకిట్లోకి దిగరు. నెల తిరక్కుండా టైంటేబుల్లో డ్రిల్లు గడి ఖాళీ అవుతుంది. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. వార్షికోత్సవం దాకా గడువు అడిగాను. నాలుగు నెలలుంది.

“సరే. కానీ ఆ దినం నువ్వు అందరి ముందట నిలబడి తాడు దూకాలె. నోటితోటి చెప్పుడు కాదు” అన్నారు.

దూకుతానన్నాను. ఎలాగో నాకే తెలియదు.

మర్నాడే పెద్దాస్పత్రిలో ప్రసూతి విభాగానికి వెళ్లాను. డాక్టరమ్మ చూసి, గర్భసంచి ఉన్నచోటే ఉందని, కుట్లు మానాయని, కాన్పులో సాగిన కింది కండరాలు వదులుగా ఉండిపోయాయని చెప్పింది. ఆపరేషన్ మాట తర్వాత, ముందు కసరత్తు చేసి చూడమని చీటీ రాసిచ్చింది. చీటీ మీద ‘పి.టి.’ అని ఉంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. పి.టి. నేర్పేదాన్ని పి.టి.కి పంపుతారా? ఈ పి.టి. వేరు, ఫిజియోథెరపీ అని నర్సు చెప్పాక తగ్గాను.

ఆ గది వరండా చివర ఉండేది. సిమెంటుకట్లు విప్పినవాళ్లు, చక్రాల తాళ్లు లాగుతూ భుజాలు సాగదీసుకునేవాళ్లు, వాళ్ల వెనక ఒక ఆకుపచ్చ తెర, తెర వెనక మంచం. అక్కడ ఒకావిడ ఉండేది. యాభై దాటిన మనిషి, చీర మీద తెల్లకోటు, మెడలో సన్నటి సిలువ. నన్ను పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, కింది కండరాలు బిగించి చూపమంది. ఇదెంత పని అనుకున్నాను. కడుపు లోపలికి లాగి, ఛాతీ పైకెత్తి, తొడలూ పిర్రలూ బిగించి, ఊపిరి బంధించాను. మంచం మీద పడుకుని సావధాన్. ఆవిడ నా కడుపు మీద చెయ్యేసి ఆపమంది.

“గిట్ల చేస్తే ఉన్నది గూడ కిందికి జారుతది బిడ్డా.”

అప్పుడు వివరంగా చెప్పింది. కడుపు కింద, పిల్లల్ని పడుకోబెట్టే చీర ఉయ్యాలలాగా ఒక కండరాల పొర ఉంటుందట. మూత్రసంచినీ, గర్భసంచినీ మోసేది అదేనట. ఊపిరి బిగబట్టి కడుపు నొక్కితే ఆ బరువంతా ఉయ్యాల మీదే పడుతుంది. నడికట్టు చేసేదీ అదే పని. మరి ఆ కండరం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా అని అడిగాను. ఆవిడ ముఖం మీద చిన్న నవ్వు కూడా లేకుండా, నలుగురు పెద్దమనుషుల మధ్య కూర్చున్నప్పుడు గ్యాసొస్తే ఏది బిగబడతావో అదే అంది. నాకు నవ్వాగలేదు. నవ్వగానే కింద దుప్పటి తడిసింది. సిగ్గుతో కళ్లమ్మట నీళ్లొచ్చాయి. ఆవిడ వేరే దుప్పటి తెచ్చి పరిచింది.

“నీ తప్పేం లేదు. దానికి కసరత్తు గావాలె, గంతే. ఫికర్ చెయ్యకు.”

ఏడాదిలో ఆ మాట నాతో అన్నది ఆవిడొక్కతే.

రెండు వారాలు నాకు ఆ కండరం దొరకలేదు. దొరికాక దాన్ని వదలడం చేతకాలేదు. బిగించి అయిదు లెక్కపెట్టమంటే పది లెక్కపెట్టేదాన్ని, వదలమంటే సగం వదిలి మళ్లీ పట్టేదాన్ని. మొండిదాన్ని కదా, ఎక్కువ బిగిస్తే ఎక్కువ మంచిదనుకున్నాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“నీకు సావధాన్ మస్తుగ వచ్చు. విశ్రామ్ రాదు. ఒదులుడు తెల్వని కండరానికి పట్టుడు గూడ తెల్వది.”

ఎన్నేళ్లుగానో రోజూ అరుస్తున్న రెండు మాటలవి. రెండోదాన్ని నేను ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. పిల్లలు ఇలా చేతులు వదిలారో లేదో అలా మళ్లీ సావధాన్ అనేదాన్ని. ఆ రోజు మంచం మీద పడుకుని మనసులోనే నాకు నేను ఆర్డర్ వేసుకున్నాను. సావధాన్. అయిదంకెలు. విశ్రామ్. పూర్తిగా, మెల్లగా, అంతే సేపు. లోపల ఏదో నిజంగా కదిలి, నిజంగా దిగింది.

అక్కణ్ణుంచి రోజుకు మూడుసార్లు చేశాను. మొదట పడుకుని, తర్వాత కూర్చుని, ఆ తర్వాత నిలబడి. అన్నం ఉడుకుతుంటే పొయ్యి ముందు, బస్సులో కడ్డీ పట్టుకుని. పక్కన నిలబడ్డ మనిషికి కూడా తెలియని డ్రిల్లు అది. దగ్గొచ్చే ముందు, పిల్లనెత్తుకునే ముందు బిగించడం అలవాటు చేసుకున్నాను. నడికట్టు విప్పేశాను. అత్తగారు నాలుగు రోజులు మాట్లాడలేదు. నీళ్లు మానేశానని తెలిసి ఫిజియో ఆవిడ కోప్పడింది, కడుపారా తాగమంది. ఆరో వారానికి కూడా పెద్ద మార్పేమీ కనిపించక ఆవిడతో గొడవపడ్డాను. తాడాట ఒక్కరోజులో నేర్చుకున్నావా అని అడిగింది. నేను నా పిల్లలతో అనే మాటే అది. మళ్లీ మంచం మీద పడుకుని మోకాళ్లు మడిచాను.

మధ్యాహ్నం టిఫిను వేళ బళ్లో సామాన్ల గదిలో చాప వేసుకుని చేసేదాన్ని. ఒకరోజు గడియ పెట్టడం మరిచిపోయాను. బంతుల కోసం ఆయమ్మ తలుపు తీసింది. మోకాళ్లు మడిచి, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ నేలమీద నేను. మూర్ఛ అనుకుంది. పరుగున వచ్చి బడి తాళంచెవుల గుత్తి నా చేతిలో కుక్కి, ముఖాన నీళ్లు కొట్టింది. లేచి కూర్చుని, ఇక దాచి లాభం లేదని ఉన్నదంతా చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వొస్తూనే అలవాటుగా కూర్చుంది. ఈసారి ఎలా కూర్చుందో నేను చూశాను. మడమను లోపలికి మడిచి, దాని మీద బరువు వేసి కూర్చుంది. తుమ్మొస్తే నేను కూర్చునేది అచ్చం అలాగే.

“ఎన్నేళ్లయింది?” అన్నాను.

ఆమె నవ్వు ఆగిపోయింది. తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“చిన్నపిల్ల పుట్టినప్పటి సంది. పదకొండేండ్లాయె.”

“ఎవరికీ చెప్పలేదా?”

“ఏమని చెప్పాలె టీచరమ్మా?”

పదకొండేళ్లు. అందులో నాలుగేళ్లు నేను ఎదురుగా నిలబడి, కావాలని నవ్వించి వేడుక చూశాను. అంత సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు. నా బట్టలు తడిసినప్పుడు కూడా.

తర్వాతి వారం ఆమెను వెంటబెట్టుకుని ఆస్పత్రికి వెళ్లాను. ఇంట్లో మోకాళ్ల నొప్పులని చెప్పి వచ్చింది. డాక్టరమ్మ చూసింది, ఫిజియో ఆవిడ నేర్పింది. బిందె నిండా నీళ్లు మోయొద్దని, సగం సగం తెమ్మని, ఎత్తే ముందు బిగించి, ఊపిరి వదులుతూ ఎత్తమని చెప్పింది. ఇక రోజూ మధ్యాహ్నం సామాన్ల గదిలో రెండు చాపలు. తలుపు అవతల పిల్లలుంటారని ఆర్డర్లు గుసగుసగా ఇచ్చేదాన్ని. సావధాన్... విశ్రామ్. నా కన్నా ముందే ఆమెకు వదలడం వచ్చింది. ఒక్కరోజు నేను విసిగి మానేస్తే, చాప తనే పరిచి నన్ను పిలుచుకుపోయింది.

వార్షికోత్సవం వచ్చింది. గోడ పొడుగునా తల్లులు కూర్చున్నారు, బురఖాలవాళ్లూ చీరలవాళ్లూ కలిసి. నేను కావాలనే రెండు గ్లాసుల మంచినీళ్లు తాగి వాకిట్లోకి దిగాను. లోపల ఒకటే లంగా. మడత గుడ్డ లేదు. హెడ్మిస్ట్రెస్ కుర్చీ ముందుకు లాక్కుని కూర్చున్నారు. యాభై లెక్కపెట్టమని పిల్లలకు చెప్పి, కుచ్చిళ్లు ఎగదోపి మొదలుపెట్టాను. పన్నెండు దాటేదాకా నాకు ఇంకేమీ వినపడలేదు. పన్నెండు దాటింది. ముప్పై దాటింది. నలభై దగ్గర కాళ్లు లాగుతున్నాయి, ఊపిరి బిగబట్టబోయి వదిలాను. యాభై అని పిల్లలు అరిచారు. నేను పొడిగానే ఉన్నాను.

అక్కడ ఆపితే నేను నేనెందుకవుతాను. యాభై ఒకటికి లేచాను. తాడు కుచ్చిళ్లలో చుట్టుకుని, అందరి ముందూ రాళ్ల మీద చతికిలబడ్డాను.

హెడ్మిస్ట్రెస్ లేచి నిలబడ్డారు. నేను కూర్చున్నచోటి నుంచే, గొంతెత్తి, “విశ్రామ్” అన్నాను. పిల్లలు అలవాటు కొద్దీ ఠక్కున కాళ్లు ఎడం చేసి, చేతులు వెనక్కి పెట్టుకున్నారు. వాళ్లను చూసి కొందరు తల్లులు కూడా సర్దుకుని కూర్చున్నారు. హెడ్మిస్ట్రెస్ నవ్వు ఆపుకోలేక, డ్రిల్లు నీదే తల్లీ, ముందు లేవమన్నారు.

అప్పుడు గేటు వైపు నుంచి పెద్ద నవ్వు వినిపించింది. ఆయమ్మ. పిల్లలంతా అటు తిరిగి, ఆమె ఎప్పుడు కూర్చుంటుందా అని చూస్తున్నారు.

“టీచర్, ఆయమ్మ నిలబడి నవ్వుతాంది” అంది ముందు వరుసలో పిల్ల.

చంకలో బిందె అలాగే ఉంది. నోటికి కొంగు అడ్డం లేదు. నా వైపే చూస్తూ, నిలబడే నవ్వుతోంది.