అక్క ఆటకు వెళ్ళిన శనివారాలు

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. అయినా నాకు పదేళ్ళు రాకముందు నుంచే దానికి నేను జడ వేసేదాన్ని. దాన్ని చిన్నప్పుడు గుంటూరు తీసుకెళ్ళి చూపిస్తే డాక్టరు, "ఒళ్ళు ఎదుగుతుందండి, బుద్ధి అంతగా ఎదగదు. కోప్పడకుండా పెంచుకోండి" అన్నాడట. అమ్మానాన్నలు ఆ మాట తప్పలేదు.

అప్పుడు మేము రేపల్లెలో ఉండేవాళ్ళం. నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో మాస్టారు. అక్కకు మాటలు తక్కువ, వచ్చిన కాసినీ ముద్దగా వచ్చేవి. మనుషులంటే మాత్రం మహా ఇష్టం. వీధిలో ఎవరు కనిపించినా పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకునేది. కొందరు నవ్వేవారు, కొందరు విదిలించుకునేవారు. ఒకరోజు పక్కింటి అత్తయ్యగారు గోడ మీంచి అమ్మను పిలిచింది.

"వదినగారూ, ఏమీ అనుకోకండి. ఇవాళ మా అమ్మాయికి పెళ్ళిచూపులు. మీ పెద్దమ్మాయిని సాయంత్రం దాకా కాస్త లోపలే ఉంచండి."

"అలాగేనండి" అంది అమ్మ.

ఆ సాయంత్రం గడిచిపోయింది కానీ లోపల ఉంచడం అలవాటైపోయింది. నాన్నగారికి బదిలీ అయి తెనాలి వచ్చాక కూడా మా వీధి తలుపు గడియ వేసే ఉండేది. అక్క కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి, వచ్చేపోయేవాళ్ళను పలకరించేది.

డెబ్బైల మొదట్లో నేను బాపట్లలో టీచర్ ట్రైనింగులో చేరాను. పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి మమ్మల్ని ఊళ్ళో ఒక మిషన్ బడికి పంపేవారు. అక్కడ డ్రిల్ టీచరుగారికి యాభై దాటి ఉంటాయి. తెల్లచీర, కాళ్ళకు క్యాన్వాస్ బూట్లు, మెడలో విజిల్. ఒక శనివారం మధ్యాహ్నం బడి వదిలాక కూడా ఆవిడ మైదానంలో సున్నంతో గీతలు గీయిస్తూ కనిపించింది. కాసేపటికి గేటులోంచి కొందరు వచ్చారు. చేబ్రోలు నుంచి ఒక తల్లి, మీసాలొచ్చిన కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. కాకుమాను నుంచి ఒక తండ్రి కూతుర్ని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. చూడగానే నాకు తెలిసిపోయింది. అందరూ మా అక్కలాంటి వాళ్ళే.

టీచరుగారు వాళ్ళను పరిగెత్తించింది, బంతి విసిరించింది, ఎవరు ఏం చేసినా చప్పట్లు కొట్టింది. ఆట అయ్యాక ఆవిడ దగ్గరికి వెళ్ళాను.

"ఇదంతా ఎందుకు మొదలుపెట్టారండీ?"

"మా తమ్ముడు ఇలాగే ఉండేవాడమ్మా. వాడికి ఆటలంటే ప్రాణం. బతికినన్నాళ్ళూ రమ్మని ఒక్కరూ పిలవలేదు."

"మా అక్క కూడా..." అన్నాను. పరాయివాళ్ళ దగ్గర ఆ మాట అనడం నాకదే మొదలు.

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం? వచ్చే శనివారం తీసుకురా" అంది, పేరంటానికి పిలిచినంత తేలిగ్గా.

ఇంటికి వెళ్ళి చెబితే అమ్మ మండిపడింది. "ఏంటే నువ్వనేది? వయసొచ్చిన పిల్లని మైదానంలో గంతులేయించాలా? నలుగురూ నవ్వడానికా?"

నాన్నగారు పేపరు పక్కన పెట్టారు. "అది కిటికీ దగ్గర నుంచుంటే మాత్రం నవ్వట్లేదా? ఒక్కసారి వెళ్ళి చూడండి."

అమ్మ వెంటనే ఒప్పుకోలేదు. చివరికి, తను కూడా వెంట వచ్చేటట్లయితేనే సరేనంది.

మొదటి రోజు అక్క అమ్మ కొంగు వదల్లేదు. మైదానం అంచున కూర్చుని మట్టిలో వేళ్ళతో గీతలు గీసుకుంది. టీచరుగారు బలవంతం చేయలేదు. పక్కనే కింద కూర్చుని, ఆడపిల్లల బళ్ళలో ఆడే రబ్బరు రింగు ఒకటి అక్క వైపు దొర్లించింది. అక్క దాన్ని తీసి గాజులా చేతికి తొడుక్కుంది. తిరిగి అడిగితే ఇవ్వలేదు.

"నాది" అంది.

అమ్మ సిగ్గుపడిపోయి లాక్కోబోయింది. "ఉంచుకోనివ్వండి అమ్మా. ఇంటి దగ్గర ఆడుకుంటుంది" అంది టీచరుగారు.

ఆ రింగుతో మా పెరడు మారిపోయింది. నాన్నగారు బడి నుంచి రాగానే చొక్కా విప్పి, పంచె ఎగ్గట్టి రింగు విసిరేవారు. మొదట్లో అది అక్క భుజానికో, గుమ్మడిపాదుకో తగిలేది. తర్వాత తర్వాత పట్టుకోవడం వచ్చింది. పట్టుకున్నప్పుడల్లా, పట్టానని చెప్పబోయి ముద్దమాటతో "పత్తా!" అని వీధంతా వినపడేలా అరిచేది. తలంటికి రోజంతా బతిమాలించుకునే మనిషి, బాపట్ల రైలెక్కాలని శనివారం పొద్దున్నే తనంతట తనే బావి దగ్గర నిలబడేది.

అక్క ఆడుతున్నంతసేపూ అమ్మ, చేబ్రోలు ఆవిడ బడి మెట్ల మీద కూర్చునేవారు. "మీవాడు రాత్రిళ్ళు నిద్రపోతాడాండీ?" అని అమ్మ అడగడం, "ఎక్కడండీ!" అని ఆవిడ నవ్వడం నాకు గుర్తు. అంతవరకు అమ్మ ఆ కబుర్లు ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకోవడం మొదలుపెట్టాక ఆపలేదు.

అలా ఏడాది గడిచాక, రేపల్లెలో ఒక హైస్కూలు ఆటల పోటీలకు మా వాళ్ళను కూడా తీసుకొస్తానని టీచరుగారు ఒప్పుకుంది. అమ్మ ముఖం వాడిపోయింది.

"రేపల్లె అయితే మేం రామండి. అక్కడందరికీ మేం తెలుసు."

"మీ ఇష్టం అమ్మా. కానీ ఆ ఊళ్ళో ఇంకో తల్లి గడియ వేసుకుని కూర్చుని ఉంటుంది. మీ అమ్మాయి ఆడుతుంటే ఆవిడ చూస్తే బాగుండునని నా ఆశ."

ఆ సాయంత్రం రైల్లో తెనాలి తిరిగొచ్చాం. ఇంటికెళ్ళాక అమ్మ పెట్టె తెరిచి, అక్క నీలం ఓణీ తీసి ఇస్త్రీకి పంపింది.

రేపల్లె మైదానం నిండా జనం. మా వాళ్ళు బరిలోకి రాగానే కొందరు కుర్రాళ్ళు నవ్వారు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వలకు అటువైపు చేబ్రోలు అబ్బాయి, ఇటువైపు అక్క. రింగు వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. కింద పడటం లేదు. నవ్వులు ఆగిపోయాయి. అక్క పట్టుకున్నప్పుడల్లా "పత్తా!" అంటుంటే, కాసేపటికి ఆ కుర్రాళ్ళే దానితో పాటు "పత్తా!" అని కేకలు వేశారు. వాళ్ళు వెక్కిరించడం లేదని అక్కకు తెలుసు. పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది.

అంతలో వెనక నుంచి ఎవరో అమ్మ భుజం తట్టారు. పక్కింటి అత్తయ్యగారు.

"వదినగారూ! ఎన్నాళ్ళకి! మీ పెద్దమ్మాయి... ఇంట్లో ఉందా?"

"లేదండి. అదుగో, నీలం ఓణీ" అంది అమ్మ, వేలు చూపించి.

ఆట అవగానే అక్క పరిగెత్తుకొచ్చి, చెమట చేతులతో అత్తయ్యగారి చెయ్యి పట్టుకుంది. ఆవిడ వదిలించుకోలేదు. కళ్ళు తుడుచుకుని, గొంతు తగ్గించి చెప్పింది. "మా ఆడపడుచు కొడుకు కూడా ఇంతేనండి. గది దాటనివ్వరు."

"శనివారం తెనాలి బండెక్కమనండి. మేం స్టేషన్లో ఉంటాం" అంది అమ్మ.

వచ్చారు. ఆ తల్లీకొడుకులు ఆ శనివారమూ వచ్చారు, ఆ తర్వాతా వచ్చారు. టీచరుగారు రిటైరయి వాళ్ళ అన్నగారి ఊరు వెళ్ళిపోయాక, అమ్మే తెనాలిలో ఒక హెడ్మాస్టరుగారిని అడిగి శనివారాలు మైదానం తెరిపించింది. ఆయన కాదనలేదు. మా వీధివాళ్ళు మజ్జిగ కలిపి పంపేవారు. అడగాలే గానీ, ఇచ్చేవాళ్ళు మా చుట్టూ చాలామందే ఉన్నారని అప్పుడు తెలిసింది.

అక్క చాలాకాలం ఆడింది. మోకాళ్ళు నొప్పి పుట్టాక కుర్చీలో కూర్చుని అందర్నీ అదిలించేది. అది పోయిన రోజు మా ఇంటికి ఆటవాళ్ళంతా వచ్చారు. చేబ్రోలు అబ్బాయికి అప్పటికి జుట్టు నెరిసింది. ఏం చేయాలో తెలియక అమ్మ పక్కన కూర్చుని, సాయంత్రం దాకా ఆవిడ చెయ్యి పట్టుకునే ఉన్నాడు. అంతమంది మా అక్క కోసం ఏడుస్తుంటే, ఆ దుఃఖంలోనే నేను మనసులో టీచరుగారికి దణ్ణం పెట్టుకున్నాను.