సరైన గేజ్

మాలకీ స్కల్లీ బతుకంతా బస్సు నడిపాడు, బతుకంతా రైలు గురించే ఆలోచించాడు. ఆ బస్సెక్కిన మా ఊరు కిల్‌బ్రానక్ వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. వంపు రాగానే ఎడమపక్కకు చూడమనేవాడు, అక్కడ సిగ్నల్ స్తంభం ఉండేదనేవాడు. చూస్తే ఆవులుండేవి.

మా బ్రాంచి లైను మూసేసిన మర్నాడే రైలు బదులు ఆ బస్సు వేశారు. ఊరి నుంచి జంక్షన్‌కు, జంక్షన్ నుంచి ఊరికి. మొదటి రోజు నుంచీ డ్రైవరు మాలకీయే. అప్పటికింకా మీసం కూడా సరిగా మొలవలేదు. కొడుక్కి ఉద్యోగం దొరికిందని వాళ్ళమ్మ సంబరపడుతుంటే, ఇతను ఎవరి కంచంలోదో లాక్కుంటున్నవాడిలా ముఖం వేలాడేసుకుని స్టీరింగు పట్టుకున్నాడు. ఆ దిగులు తీర్చుకోవడానికే ఇంటి అటక మీద పాత లైనంతా చిన్నదిగా కట్టడం మొదలుపెట్టాడు.

ఐస్‌క్రీం పుల్లలు కోసి పట్టాల కింద స్లీపర్లు పరిచాడు. గిన్నెలు తోమే పీచుకు ఆకుపచ్చ రంగేసి కంచెలు నాటాడు. పట్టాల మధ్య పోసే సన్న కంకరను భార్య అట్రాక్టా పిండి జల్లెడతోనే జల్లించాడు. ఆ వారం ఆమె కాల్చిన రొట్టె కొరికి మామగారి కట్టుడు పన్ను విరిగింది. ఆ తర్వాత అట్రాక్టా జల్లెడను తాళం వేసి దాచింది, మొగుణ్ణి మాత్రం అటక మీదే వదిలేసింది.

ఇంతటితో ఆగితే మాలకీ అందరిలాంటివాడే అయ్యేవాడు. కానీ ఐర్లండు రైలు పట్టాల మధ్య దూరం, అంటే గేజు, అయిదడుగుల మూడంగుళాలు. ఇంగ్లండుది అంతకన్నా ఇరుకు. షాపుల్లో దొరికే బొమ్మ పట్టాలన్నీ ఇంగ్లండు కోసం చేసినవే. మామూలు మనిషి అవే కొనుక్కుని, వాటి మీద ఐరిష్ రైళ్ళు నడుపుకుని, సుఖంగా నిద్రపోతాడు. చిన్నది చేశాక తేడా ఎంతని? ఒక్కో పక్కన బియ్యపు గింజ మందం. ఆ గింజ మాలకీ గొంతులో అడ్డం పడింది. కొన్న పట్టా ఒక్కటి కూడా వాడలేదు. ప్రతి పట్టా తనే కొలిచి పరిచాడు, ప్రతి బండి చక్రాలూ ఊడదీసి ఎడం చేశాడు. దాంతో ఊళ్ళో ఎవరి రైలూ అతని లైను మీద నడవదు, అతని రైలు ఎవరి లైను మీదా నడవదు.

ఊళ్ళో మోడల్ రైళ్ళ క్లబ్బుకు పెద్ద కానిస్ డెలహంటీ. మందుల షాపు నడిపి మానేసినవాడు. క్లబ్బు వాళ్ళ జంక్షన్ మోడల్ బ్రహ్మాండమైనది, కాకపోతే షాపు పట్టాల మీద కట్టింది. వీళ్ళిద్దరూ ఎక్కడ కలిసినా గేజు దగ్గరే తగువు.

"నీ రైళ్ళు బిగుతు ప్యాంటు వేసుకుని నడుస్తున్నట్టుంటాయి, కానిస్," అనేవాడు మాలకీ.

"నడుస్తున్నాయి గదయ్యా. నీది అటక దిగిందా ఎన్నడైనా?"

మాలకీ బస్సుకు టైమైందని వెళ్ళిపోయేవాడు.

అయినా అతను తన రైలు నడిపి చూపించాలనుకున్నది కానిస్‌కు కాదు, డింఫ్నా హాన్లీకి. ఊరి బయట రోడ్డును పట్టాలు దాటేచోట ఆవిడ గేటు కాసేది. రైలు పోయింది, గేటు పని పోయింది, గేటు పక్కనున్న ఇల్లు మాత్రం ఆవిడకు మిగిలింది. మాలకీ బస్సు రోజూ ఆ ఇంటి ముందు నుంచే పోయేది. ఆవిడ ఒక్కనాడు ఎక్కలేదు. వానలోనైనా సైకిలు మీదే ఊళ్ళోకి వచ్చేది. బస్సు కనపడగానే సైకిలు దిగి, కంచె వైపు తిరిగి, వీపు చూపించి నిలబడేది. మాలకీకి ఆ వీపు కంఠతా వచ్చు. ఏ కోటుకు ఎక్కడ మాసిక పడిందో కూడా చెప్పగలడు.

"ఆవిడ కోపం బస్సు మీదా, నా మీదా?" అని అట్రాక్టాను అడిగేవాడు.

"ఆవిడ ఇల్లు నీ దారిలోనేగా ఉంది. ఆపి అడుగు."

ఆపి అడిగే ధైర్యం ఉంటే అటక ఎందుకెక్కుతాడు? ఆవిడ గేటునే కట్టుకుంటూ కూర్చున్నాడు. తెల్ల గేట్లు, మధ్యలో ఎర్ర బిళ్ళలు, పక్కన ఇల్లు, పెరట్లో దండెం, దాని మీద ఉతికిన బట్టలు, కింద ఒక మేక. ఆ గేటు గుండా రైలు మళ్ళీ పోవడం ఆవిడకొక్కసారి చూపించాలి. చూశాక తన ముఖం వంక ఒక్కసారి చూస్తే చాలు. అతనికి ఇంకే కోరికా లేదు.

ఆవిడకు తుంటి ఆపరేషన్ అయి, చేతికర్రతో నడిచే రోజులొచ్చాయి. ఇంకా ఆలస్యం చేస్తే లాభం లేదని ఒక ఆదివారం మాలకీ ఆ ఇంటి తలుపు తట్టాడు. ఆవిడ సగం తలుపే తెరిచింది.

"వసంతంలో చర్చి హాల్లో మోడల్ రైళ్ళ ప్రదర్శన పెడుతున్నాం, మిసెస్ హాన్లీ. మీ గేటు కట్టాను."

"తెరుచుకుంటుందా?"

"తీగ లాగితే తెరుచుకుంటుంది. మీరే లాగాలి."

"రైలెక్కణ్ణుంచి వస్తుంది?"

"గేటుకు ఇవతల, కంచె చాటు నుంచి..."

"కంచె చాటు నుంచి నక్కలొస్తాయి," అందావిడ. "రైలు జంక్షన్ నుంచి వస్తుంది. జంక్షన్ నుంచి వస్తే కబురు చెయ్యి, వస్తాను."

"జంక్షన్ నుంచే వస్తుంది," అని మాటిచ్చేశాడు మాలకీ. జంక్షన్ ఉన్నది కానిస్ దగ్గర.

పౌరుషం దిగమింగుకుని క్లబ్బుకు వెళ్ళి, తన లైను కట్టిన బల్లల్ని జంక్షన్ బల్లల పక్కన కలుపుదామన్నాడు. కానిస్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. కలిసే చోట కొత్త బల్ల కానిస్ చేయాలని, మాలకీ తన అంచు దానికి సరిచేసుకోవాలని అనుకున్నారు. చివర్లో మాలకీ కాస్త నీళ్ళు నమిలి, "మరి, సరైన గేజే గదా?" అన్నాడు.

"సరైన గేజే. ఇంకోటి ఎలా ఉంటుంది?" అన్నాడు కానిస్. ఇద్దరూ కరచాలనం చేసుకున్నారు.

ఇన్నాళ్ళకు కానిస్‌కు బుద్ధొచ్చిందని మాలకీ అనుకున్నాడు. ఇన్నాళ్ళకు మాలకీకి తల తిరుగుడు తగ్గిందని కానిస్ అనుకున్నాడు. గెలిచినవాడు ఓడినవాణ్ణి ఎగతాళి చేస్తే బాగుండదు గదా! అందుకని ఆ చలికాలమంతా ఇద్దరూ గేజు ఊసెత్తకుండా ఒకరికొకరు తేనె రాసుకుంటూ మాట్లాడుకున్నారు. క్రిస్మస్‌కు కానిస్ ఒక విస్కీ సీసా పంపాడు. మాలకీ బదులుగా కేకు పంపాడు. పాపం, వాడి మనసెంత నొచ్చుకుందో అని ఇద్దరూ తమ తమ ఇళ్ళలో అన్నారట. ఈ సంగతి వాళ్ళ భార్యలు తర్వాత చెప్పారు.

ప్రదర్శన నాటి పొద్దున హాల్లో బల్లలు రెండూ దగ్గరకు జరిపారు. ఎడమ పట్టాకు ఎడమ పట్టా కలవలేదు. కుడి పట్టాకు కుడి పట్టా కలవలేదు. ఒక్కో పక్కన బియ్యపు గింజ మందం.

ఇద్దరూ వంగి చూశారు. లేచి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సరైన గేజన్నావు గదయ్యా," అన్నాడు కానిస్.

"నువ్వూ అన్నావు."

"నేనన్నది సరైన గేజు."

"నేనూ అదే అన్నాను."

ఆ తర్వాత అన్నవి చర్చి హాల్లో అనదగ్గవి కావు. విస్కీ సీసా తిరిగివ్వమనేదాకా వెళ్ళింది. జంక్షన్ రైలు కానిస్ బల్ల అంచున ఆగి ఉంది. వేలెడు దూరంలో మాలకీ రైలు నిలబడి ఉంది. ఈ బండి ఆ పట్టాల మీదికి పోదు, ఆ బండి ఈ పట్టాల మీదికి రాదు. మధ్యాహ్నానికి మిసెస్ హాన్లీ వస్తుంది. కుర్చీలో కూలబడి మాలకీ రెండు చేతుల్లో తల పట్టుకున్నాడు. ఆవిడ ఈసారి వచ్చి మరీ వీపు చూపించి పోతుందని అతనికి ఖాయమైపోయింది.

అట్రాక్టా టీ కౌంటర్ నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎగిరిపోకుండా కాగితపు రుమాళ్ళ మీద బరువుగా పెట్టిన వస్తువొకటి ఆమె చేతిలో ఉంది. పాతికేళ్ళ సర్వీసుకు డిపో వాళ్ళు మాలకీకి బహుమతిగా ఇచ్చిన బొమ్మ బస్సు. దాన్ని అతను అటక మెట్ల దాకా కూడా రానివ్వలేదు. ఇన్నేళ్ళూ వంటింటి కిటికీలో పడి ఉంది.

"ఇదుగో, జంక్షన్ రైలు దిగినవాళ్ళను దీంతో అవతలికి చేర్చు," అంది.

మాలకీ ఒంటికాలి మీద లేచాడు. "నా లైను మీదికి బస్సు రాదు."

"లైను మీదికెవడు రమ్మన్నాడు? పక్కన రోడ్డు వేశావుగా, దాని మీద నడుపు. నీకొచ్చిన పని అదొక్కటేగా."

కానిస్ నవ్వు ఆపుకోవాలని చూశాడు గాని ముక్కులోంచి వచ్చేసింది. ఇంతలో తలుపు దగ్గర చేతికర్ర చప్పుడైంది.

డింఫ్నా హాన్లీ తన మంచి కోటు తొడుక్కుని వచ్చింది. హ్యాండ్‌బ్యాగులోంచి చుట్టిన జెండాలు రెండు బయటికి కనిపిస్తున్నాయి. నేరుగా తన గేటు దగ్గరకెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, చాలాసేపు చూసింది.

"నా లోపలి బట్టలు దండెం మీద ఆరేసి నలుగురికీ చూపించమని నీకెవరు చెప్పారు?"

"శనివారం కదా, మిసెస్ హాన్లీ. శనివారాలు ఉతికేవారు..."

"ఆ మేక కూడా నాది కాదు. సరే, కానివ్వు. నేను గేటు దగ్గరే ఉన్నాను."

ఇక దారి లేదు. కానిస్ తన రైలును కొంచెం వెనక్కి తీసి, మళ్ళీ ముందుకు నడిపి, జంక్షన్‌లో ఆపాడు. మాలకీ బొమ్మ బస్సును రోడ్డు మీద పెట్టాడు. వేలితో నెట్టాడు. వంపు దగ్గర అలవాటు కొద్దీ నెమ్మది చేశాడు. రెండు బల్లల మధ్య సందు దాటించి, తన రైలు పక్కన జాగ్రత్తగా ఆపాడు. హాల్లో ఒక్కరూ నవ్వలేదు. ఆవిడ తీగ లాగింది. తెల్ల గేట్లు రెండూ తెరుచుకున్నాయి. చిన్న ఇంజను కదిలి, రెండు పెట్టెల్ని లాక్కుంటూ, ఆవిడ ఇంటి ముందు నుంచి, ఆవిడ బట్టల పక్క నుంచి నింపాదిగా పోయింది. అది స్టేషను చేరేదాకా ఆవిడ తీగ వదల్లేదు.

"ఆ బస్సుకు డ్రైవరున్నాడా?" అని అడిగింది.

"లేడు, మిసెస్ హాన్లీ. ఉత్త బొమ్మ."

"ఒకడుండాలే. మీసం రాని కుర్రాడు. రోడ్డు మానేసి నా వంకే చూస్తూ నడిపేవాడు. ఏ రోజు నన్ను గుద్దుతాడో అని నేను సైకిలు దిగి కంచెలో దూరి నిలబడేదాన్ని. అటు చూడలేక కళ్ళు మూసుకునేదాన్ని."

అట్రాక్టా పక్కకు తిరిగి టీ కప్పులు సర్దడం మొదలుపెట్టింది.

"మరి... ఒక్కసారి కూడా ఎక్కలేదేం?" అన్నాడు మాలకీ.

"ఆగితేగా ఎక్కడానికి! రైలు నా గేటు దగ్గర ఆగేది. నీ బస్సెప్పుడైనా ఆగిందా? చెయ్యెత్తి ఆపడానికి నేనేమన్నా దారిన పోయేదాన్నా? గేట్‌కీపర్ని."

నిజమే, ఆగలేదు. స్టాపు లేదని కొంత, సిగ్గుతో కొంత, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అతను బ్రేకు మీద కాలు పెట్టలేదు. అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు, దాచుకోలేదు. కానిస్ పెద్ద మనసు చేసుకుని, విస్కీ సీసా ఉంచుకోమన్నాడు.

"సాయంత్రం బస్సెవరిది?" అని అడిగింది ఆవిడ.

"నాదే."

"అయితే నా గేటు దగ్గర ఆపు."

ఆ సాయంత్రం మేమంతా ఆ బస్సులోనే ఉన్నాం. స్టాపు లేని చోట బస్సు ఆగింది. మాలకీ దిగి చెయ్యందించాడు. ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని, కర్ర ఊతంగా దిగి, అతన్ని మళ్ళీ ఎక్కి కూర్చోమంది. తర్వాత బస్సుకు ఎదురుగా వెళ్ళి, ఎర్ర జెండా విప్పి పట్టుకుంది. రోడ్డుకు అటూ ఇటూ చూసింది. తొందరేమీ పడలేదు. మా వెనక ఒక ట్రాక్టరు ఆగి హారన్ కొడితే దానికి కూడా జెండా చూపించింది. ఆ తర్వాత పక్కకు జరిగి, తుప్పు పట్టిన తన పాత గేటు దగ్గర నిలబడి, ఆకుపచ్చ జెండా ఊపింది.

మాలకీ రైలు కూత పెట్టినట్టు హారన్ రెండుసార్లు మోగించాడు. ఆవిడ ముఖం వంక చూడాలని ఎంతో ఉన్నా, కళ్ళు రోడ్డు మీదే పెట్టి నడిపాడు.