మూడు టీములు, ఒక ఓడ

అప్పడికి భయం ఓడలో పట్టుకుంది. ఆ తరువాత వదలనే లేదు.

పంతొమ్మిది వందల తొమ్మిదిలో మద్రాసు రేవులో పెళ్ళాం అచ్చమ్మతో, ఆరు నెలల ఆడపిల్లతో ఓడ ఎక్కాడు. మూడో నాడు పిల్లకి జ్వరం తగిలింది. ఆరో నాడు ఆ పసిదాన్ని గుడ్డలో చుట్టి సముద్రానికి ఇచ్చేశారు. మలాయాలోని పినాంగు రేవులో కాలు మోపినప్పుడు అచ్చమ్మ ఏడవలేదు, మొగుడి కేసి తిరిగి ఒకే మాట అంది.

"మళ్ళా నన్ను ఓడెక్కించినావంటే నడిసముద్రంలో దూకేత్తాను. సూసుకో."

అచ్చమ్మ అన్నంత పనీ చేసే మనిషి. ఆ సంగతి అప్పడి కంటే బాగా తెలిసినవాళ్ళు భూమ్మీద లేరు.

రెండేళ్ళు రబ్బరు తోటలో పాలు గీసి, ఇపో ఊరి చివర ఉన్న ఒక కాలేజీలో గడ్డి కోసే పనికి కుదిరాడు. పడాంగు అని మలాయి వాళ్ళు పిలిచే ఆటమైదానం అతనిది. గడ్డి కోయడం, సున్నంతో గీతలు గీయడం, గోలు స్తంభాలకు వల కట్టడం, వాన నిలిస్తే కాలవ తీయడం. మైదానం వెనక రెండు గదుల రేకుల ఇల్లు ఇచ్చారు. అచ్చమ్మ అందులో బెండ మొక్కలు వేసి, ఇక ఈ నేల వదిలేది లేదన్నట్టు కూర్చుంది.

చేరిన కొత్తలో అతన్ని చూసి అందరూ పడీ పడీ నవ్విన ముచ్చట ఒకటుంది. కాలేజీ టీము ఆడుతుంటే గట్టు మీద అరవవాళ్ళంతా "ఓడు! ఓడు!" అని కేకలు. అప్పడు బిత్తరపోయాడు. సొంత పిల్లల్ని పట్టుకుని ఓడు, ఓడు అంటారేమిటి, వీళ్ళ నోళ్ళు పడిపోను! తనొక్కడే గొంతు చించుకుని "ఓడకండర్రా! ఓడకండి!" అని అరిచాడు. అరవంలో ఓడు అంటే పరుగెత్తు అని ఆఫీసు గుమాస్తా నారాయణస్వామి చెప్పేదాకా ఆ గట్టు మీద వాళ్ళంతా పిల్లలకు శత్రువులేననుకున్నాడు.

ఆట నియమాలు అతనికి ఎప్పుడూ పూర్తిగా పట్టుబడలేదు. కానీ ఆట అయిన మర్నాడు పొద్దున్నే గడ్డి చూసి ఆట ఎలా సాగిందో చెప్పేవాడు. ఎక్కడ గడ్డి చచ్చింది, ఎక్కడ మట్టి లేచింది, ఎక్కడ మంచు బిందువు కూడా చెదరలేదు, ఇవే అతని లెక్కలు. పంతొమ్మిది వందల పన్నెండో సంవత్సరం టీము వట్టి కాళ్ళతో ఆడేది. ఇరవై నాలుగో సంవత్సరం టీముకు తెల్లదొర హెడ్మాస్టరు బూట్లు తొడిగించి, ఈల ఊది, ఊపిరాడకుండా తయారు చేశాడు. వాళ్ళు మైదానం అంచుల వెంట పోయేవాళ్ళు, అంచులే అరిగిపోయేవి. ముప్ఫై ఒకటో సంవత్సరం కుర్రాళ్ళు బంతిని దగ్గర దగ్గరగా అందించుకునేవాళ్ళు, గడ్డి అంతటా ఒకే తీరుగా పలచబడేది, ముసలాడి తలకాయలాగ.

ఆ ముప్ఫై ఒకటే చెడ్డ ఏడు. రబ్బరు కొనే నాథుడు లేడు, తగరం గనులు మూతపడ్డాయి. తోటలకు తోటలు ఖాళీ చేసి కూలీలను రైళ్ళలో పినాంగుకు, అక్కణ్ణించి ఓడలో దేశానికి తోలేస్తున్నారు. ఒకరోజు నారాయణస్వామి మైదానం దాకా వచ్చి, గొంతు తగ్గించి, సోమవారం కమిటీ కూర్చుంటుందని చెప్పాడు. మైదానానికి ఇద్దరు మనుషులు అక్కరలేదట. అప్పడో, అతని కింద తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్న ముత్యాలో, ఒకడు ఓడ ఎక్కాలి.

ముత్యాలుకు ముప్ఫై దాటాయి, పెళ్ళి లేదు, ఎప్పుడూ పళ్ళికిలించే రకం. శ్రీకాకుళం దగ్గర అతని ఊరేమిటో అతనికే సరిగ్గా తెలియదు, కూలీలను ఓడెక్కించి తెచ్చే కంగాణీ రాయించిన పేరే ఊరు. అప్పణ్ణి "అన్నా" అని పిలిచేవాడు, అచ్చమ్మ చేతి గంజి తాగేవాడు.

ఆ రోజే అచ్చమ్మ బట్టలన్నీ తీసి మూట కట్టి గుమ్మం పక్కన పెట్టింది. వెళ్ళడానికి కాదు. ఆ మూట చూసినప్పుడల్లా మొగుడికి గుర్తుండాలని.

శనివారం సాయంత్రం పాత విద్యార్థుల టీ పార్టీ. కమిటీ పెద్ద డాక్టరు తంబిరాజా పన్నెండో సంవత్సరం టీముకు కెప్టెను. కాలేజీ పుట్టాక తన టీమును మించింది లేదంటాడాయన. హెడ్మాస్టరేమో ఇరవై నాలుగే అంటాడు. ఇప్పటి కుర్రాళ్ళు మనసులో తమదే అనుకుంటారు, పైకి అనరు. వాదన ముదిరింది. అప్పుడు ఎవరో మహానుభావుడు లేచి, మూడు టీములనూ కళ్ళారా చూసినవాడు ఒక్కడే ఉన్నాడు, గడ్డి కోసే అప్పడు, వాణ్ణే పిలిచి అడుగుదాం అన్నాడు. అందరికీ సరదా వేసింది. ఎవరి సరదా వాళ్ళది, ప్రాణం మీదికి వచ్చింది అప్పడికి.

కబురు తెచ్చిన నారాయణస్వామి వెనకాలే నడిచాడు అప్పడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. డాక్టరు టీము అంటే హెడ్మాస్టరుకు కోపం, హెడ్మాస్టరు టీము అంటే డాక్టరుకు కోపం, ఇద్దరూ సోమవారం అదే బల్ల దగ్గర కూర్చుంటారు. ఇంకో ప్రమాదమూ ఉంది. పన్నెండో సంవత్సరం టీము అన్నీ గెలిచి ఆఖరాట పక్క ఊరి టీముకు ఒక్క గోలుతో ఓడిపోయింది. ఆ ఆట ఊసు డాక్టరు ముందు ఎత్తకూడదని కాలేజీ పిల్లికి కూడా తెలుసు.

"అందరూ గొప్పోలేనని సెప్పు. పాము సావకూడదు, కర్ర ఇరక్కూడదు." దారిలో ఎదురైన ముత్యాలు చెవిలో ఊదాడు.

హాలులో అరవై మంది. చేతుల్లో కప్పులు, మొహాల్లో నవ్వులు. అప్పడు తలగుడ్డ తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. బజారు అరవంలో మొదలుపెట్టాడు. ఇరవై నాలుగోళ్ళు అంచుల్లో గడ్డి చంపేశారన్నాడు, అందరూ నవ్వారు. ఇప్పటివాళ్ళు అంతటా తొక్కారన్నాడు, కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ఇక పన్నెండు మిగిలింది. డాక్టరు కప్పు కింద పెట్టి ముందుకు వంగాడు. ఆ చూపు చూసేసరికి అప్పడికి, కడసి అంటే ఆఖరు అన్న ఒక్క ముక్క తప్ప, అరవం ఎగిరిపోయింది. ఇరవై ఏళ్ళుగా కడుపులో దాచుకున్న నిజం అమ్మ భాషలో బయటపడిపోయింది.

"కడసి ఆట... ఓడినారు, దొరా."

అన్న తరువాత తెలిసింది ఏమన్నాడో. డాక్టరు మొహం విప్పారింది. హాలంతా చప్పట్లతో అదిరిపోయింది. ఇది తనను వెక్కిరించడమేనని, పని అయిపోయిందని అప్పడికి తోచింది. తలగుడ్డ అక్కడే పారేసి కుర్చీల మధ్య నుంచి తలుపు కేసి పరుగు తీశాడు. వెనక నుంచి డాక్టరు గొంతు పెద్దగా వినిపించింది.

"అప్పడూ! ఓడ వేండాం!"

వేండాం అంటే వద్దు. ఓడ వద్దు! అప్పడు గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, ఇంటికి చేరేదాకా ఆగలేదు.

"ఓడొద్దన్నాడే అచ్చమ్మా! దొరే అన్నాడు! అందరి ముందరా అన్నాడు!"

అచ్చమ్మ మొగుడి మొహం చాలాసేపు చూసింది. అప్పుడు ఏడ్చింది. పినాంగు రేవులో ఏడవనిది కూడా కలిపి ఏడ్చింది. తరువాత కళ్ళు తుడుచుకుని మూట విప్పి బట్టలు ఒక్కొక్కటే దండెం మీద వేసింది.

ముత్యాలు గుమ్మంలో నిలబడి నవ్వుతూనే అడిగాడు. "మరి నా మాటేటన్నాడన్నా?"

అప్పడికి ఆ సంగతి అప్పటిదాకా తట్టనేలేదు. "ఏటీ అన్నేదు" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే గీతలకు సున్నం పోస్తున్నాడు. కుర్రాళ్ళు సాధన చేస్తున్నారు. బంతి అంచుకు పోయింది, ఒకడు దాని వెంట పడ్డాడు, ఇంకొకడు "ఓడు! ఓడు!" అని అరిచాడు. అప్పడి చేతిలో డబ్బా ఆగిపోయింది. ఇరవై ఏళ్ళు అరవవాళ్ళ మధ్య బతికినవాడు. ఓడు అంటే పరుగెత్తు. ఓడ వేండాం అంటే పరుగెత్తకు. దొర ఓడ మాటే ఎత్తలేదు. పారిపోతున్నవాణ్ణి చూసి, పరుగెందుకురా అన్నాడంతే. ఈ మాట ఎవరైనా అడిగితే నిద్రలో కూడా చెప్పేవాడు. భయమున్న చెవికి తనకు కావలసిందే వినబడుతుంది.

సున్నపు గీత అక్కడ వంకర పోయింది. అప్పడు ఇంటికి వెళ్ళాడు. దండెం మీద అచ్చమ్మ చీర గాలికి ఊగుతోంది. ఆమె బెండ మొక్కలకు నీళ్ళు పోస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. పెళ్ళయిన కొత్తలో విన్నాడు ఆ రాగం. చెప్పాలనుకున్నది చెప్పలేకపోయాడు. ఆ పగలంతా, ఆ రాత్రంతా అతనికి కళ్ళు మూస్తే చాలు, నడిసముద్రం.

సోమవారం పొద్దున, కమిటీ కూర్చోకముందే, అప్పడు నారాయణస్వామి కాళ్ళా వేళ్ళా పడి, అతని వెంట డాక్టరు గదికి వెళ్ళాడు. బల్ల మీద కాగితం ఉంది. చదవడం రాకపోయినా అందులో తన పేరుందని అప్పడికి తెలిసిపోయింది, నారాయణస్వామి దాని కేసి చూడకుండా గోడ కేసి చూస్తున్నాడు కనుక.

"దొరా, మీరు మొన్న అన్న మాట... మా ఆడదానికి సెప్పేసినాను" అన్నాడు అప్పడు. ఓడంటే తమ తెలుగులో సముద్రం మీద పోయేదని, అరవవాళ్ళు కప్పల్ అనేది అదేనని, ఓడ వేండాం అంటే ఓడ వద్దని తాను విన్నానని, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. డాక్టరు ముందు నవ్వాడు. అంతలోనే నవ్వు ఆగింది. తెలివైన మనిషి.

"అయితే మొన్న నువ్వన్న ఓడినారు అంటే, పరుగెత్తారని కాదా?"

నారాయణస్వామి అప్పడి మోచెయ్యి నొక్కాడు. అబద్ధం ఒకటి చాలు, గండం గడుస్తుంది. కానీ ఇరవై ఏళ్ళు ప్రతి ఆట మర్నాడూ గడ్డి చూసి చెప్పినవాడికి, గడ్డి విషయంలో అబద్ధం నోట రాలేదు.

"నేదు దొరా. ఓడిపోయినారనే అన్నాను. మర్నాడు పొద్దున గడ్డి సూసినాను. మీ గోలు ముందర పచ్చగా, మంచు సెదరకుండా ఉన్నాది. ఆళ్ళ గోలు ముందర గడ్డి పరక మిగల్నేదు, వట్టికాళ్ళ అచ్చులు, మద్దిలో రగతం సుక్కలూనూ. ఆట మీది. గెలుపు ఆళ్ళది. ఈ ఇరవై యేల్లలో అంత గొప్పగా ఆడినోలని నాను సూల్లేదు."

అప్పడు కళ్ళు మూసుకున్నాడు.

"పంతొమ్మిదేళ్ళలో ఆ ఆట గురించి నా ముందు మాట్లాడినవాడివి నువ్వే" అన్నాడు డాక్టరు చివరికి. కలం తీసి కాగితం మీద ఒక గీత కొట్టాడు. "నువ్వు విన్నదే నా మాట. ఓడ వద్దు."

కానీ కలం ఇంకా పైకి లేవలేదు. కాగితం ఖాళీగా ఉండకూడదు, ఒక పేరు కావాలి. డాక్టరు తలెత్తి, "ఆ రెండోవాడి పేరేమిటి?" అని అడిగాడు.

అప్పడు చెప్పవచ్చు. తొమ్మిదేళ్ళు నాతో ఉన్నాడు దొరా, వాడికి ఊరు కూడా లేదు అనవచ్చు. డాక్టరు ఇంకా మెత్తగానే ఉన్నాడు. కానీ ఉన్న ధైర్యమంతా గడ్డి కోసం ఖర్చయిపోయింది. ఇంకొక్క మాట మాట్లాడితే కొట్టేసిన గీత మళ్ళీ తన పేరు మీద నుంచి లేచిపోతుందేమోనని హడలిపోయాడు.

"ముత్యాలు" అన్నాడు.

బుధవారం ఇపో స్టేషను కిక్కిరిసిపోయింది. తోటల నుంచి వచ్చిన జనం, తట్టలు, చాపలు, చంటిపిల్లలు. రైలు కూత పెట్టినా ముత్యాలు జాడ లేదు. అప్పడు జనంలో వెతుకుతూ, వాడు రాకపోతే మళ్ళీ తన పేరే రాస్తారేమోనని ఆలోచించాడు. అలా ఆలోచించినందుకు చచ్చేంత సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే గేటు కేసి చూశాడు.

ముత్యాలు వచ్చాడు. చేతి నిండా సున్నం. అన్న ఆదివారం వంకరగా గీసిన గీత సరిచేసి వచ్చాడట. అప్పటికే రైలు కదిలింది. ప్లాట్‌ఫారం మీద అరవవాళ్ళంతా ఒక్కసారిగా "ఓడు! ఓడు!" అని అరిచారు. ముత్యాలు మూట భుజానేసుకుని పరుగెత్తాడు. అప్పడు కూడా అరిచాడు. గొంతు చించుకుని అందరికంటే గట్టిగా "ఓడు! ఓడు!" అనే అరిచాడు.

ముత్యాలు కమ్మీ పట్టుకుని ఎక్కేశాడు. వెనక్కి తిరిగి పళ్ళికిలించాడు.

"ఓడినానులే, అన్నా!"

ప్లాట్‌ఫారం మీద జనం, పరుగెత్తి రైలందుకున్నాడని చప్పట్లు కొట్టారు. ముత్యాలు అది ఏ భాషలో అన్నాడో అప్పడికి తెలియలేదు. అప్పడు ఇంకా చాలా ఏళ్ళు ఆ గడ్డి కోశాడు, అచ్చమ్మ మళ్ళీ ఓడ ఎక్కలేదు. ఆటలు జరిగే రోజుల్లో మాత్రం అతను గట్టు మీదికి రావడం మానేశాడు.