నర్సింలు గారి పరుగు

కుట్టుమిషన్‌కు నూనె వేసినప్పుడల్లా నాకు తోలు వాసన కూడా వస్తుంది. ఆ సీసాలో తోలు వాసన ఉండే అవకాశమే లేదు. పల్చటి మిషన్ నూనె, అంతే. మొన్న ఆదివారం పొద్దున వరండాలో మిషన్ తల వెనక్కి వాల్చి, ఇరుసు దగ్గర ఓ చుక్క వేసి, ఖాళీగా తొక్కి చూశాను. పాదం కింద ఇనుప పలక ఊగింది. వెంటనే కింది వాటా ముందు గది కళ్ల ముందుకు వచ్చింది. కిటికీ పక్కన పెద్ద డ్రమ్ము, దాన్ని కొట్టే గుండు, ఆ గుండును పెడల్‌తో కలిపే పాత తోలు పట్టీ, దానికి ఇదే నూనె పట్టిస్తూ వంగి కూర్చున్న నర్సింలు గారు. ఆ తోలు వాసన అక్కడిది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ వాటాలో ఇప్పుడు వేరే వాళ్లు ఉంటున్నారు.

నేను లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. కోస్తా నుంచి మావారి ఉద్యోగం వెంట ఇక్కడికి, పటేల్‌గూడకు వచ్చినదాన్ని. ఏది ఏ రోజు జరిగిందో రాసి పెట్టుకోకపోతే నాకు నిద్ర పట్టదు. నర్సింలు గారు సరిగ్గా నాకు వ్యతిరేకం. గుమ్మడిదల దగ్గరి పల్లెలో పుట్టి, మావారు పనిచేసిన ప్లాంటులోనే పనిచేసి, కాలనీ ఆర్కెస్ట్రాలో ఆ డ్రమ్ములు వాయించేవారు. వాయించడం ఎవరు నేర్పారని అడిగితే ఒకసారి బొంబాయి నుంచి వచ్చిన వాద్యగాడని, ఇంకోసారి నాగపూర్‌లో ఒక బ్యాండు మాస్టరని చెప్పేవారు. "పోయినసారి బొంబాయి అన్నారు" అని నేను గుర్తుచేస్తే, "బొంబాయి పోయేటోడు నాగపూర్‌ల దిగొద్దా, టీచరమ్మా?" అనేవారు. గొప్పలు చెప్పుకోవడంలో ఆయనకు మొహమాటం లేదు. మెదక్ నుంచి హైదరాబాద్ దాకా తనంత వేగంగా ఒంటికాలితో డ్రమ్ము కొట్టేవాడు లేడనేవారు. ఆ మాట నిజమో కాదో తేల్చే మార్గం నాకు లేదు కాబట్టి ఊరుకునేదాన్ని.

ఆ వేగానికి ఆయన పెట్టుకున్న పేరు పరుగు. మామూలుగా కాలు ఒకసారి దిగితే డ్రమ్ము మీద ఒక దెబ్బ పడుతుంది. ఆయన పరుగులో రెండు పడేవి. పాదం కిందికి దిగుతూ ఒకటి కొడుతుంది, వెంటనే మడమ లేచి మునివేళ్లు నొక్కినప్పుడు రెండోది పడుతుంది. కాలి శ్రమ ఒకరిదీ, చప్పుడు ఇద్దరిదీ అన్నట్టు ఉండేది. రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక అది మా గచ్చు కింద మోగేది. మొదట్లో విసుక్కున్నాను. తర్వాత ఆ చప్పుడుకే పేపరు మడిచి కునుకు తీయడం అలవాటైంది.

నేను రిటైరైన ఏడాది, వినాయక చవితికి ఇంకా కొన్ని వారాలు ఉన్నాయనగా, ఆ చప్పుడులో ఏదో లోటు వినిపించింది. నాకు కునుకు పట్టలేదు. ఆ వారమంతా విని, శుక్రవారం కిందికి దిగి వెళ్లాను.

"నర్సింలు గారూ, మీ పరుగులో రెండో దెబ్బ పడటం లేదు. సోమవారం నుంచి" అన్నాను.

ఆయన భార్య మల్లమ్మ వైపు తిరిగారు. "సూసినవా? పక్కన కూసున్నదానివి, నీకు ఇనవడలే. మీది వాటాల టీచరమ్మకు ఇనవడ్డది."

"ఇనవడక కాదు. కాలు సూపియ్యమంటే సూపిస్తలేవని ఊకున్న" అంది మల్లమ్మ.

అప్పుడు గుడ్డ విప్పి చూపించారు. కుడికాలి బొటనవేలు నల్లబడి ఉంది. పక్క వేలు కూడా రంగు మారుతోంది. షుగర్ ఆయనకు ఎప్పటి నుంచో ఉంది. సంగారెడ్డిలో డాక్టరు వేళ్లు తీసేయాలని చెప్పి పంపాడట. ఈయన మాత్రం గణపతి ప్రోగ్రాం అయ్యాక వెళతానని కూర్చున్నారు. కారణం అడిగితే ఉత్సవ కమిటీ మాట చెప్పారు. డ్రమ్ము కొట్టేవాడు లేకపోతే ఈసారి ఆర్కెస్ట్రా వద్దు, డీజే పెట్టిస్తామన్నారట. ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లిద్దరూ మందుల కంపెనీల్లో షిఫ్టులకు పోతున్నారు, ప్రాక్టీసుకు దొరకరు.

"గణపతి అయ్యాక వేళ్లు కాదు, పాదం తీస్తారు" అన్నాను.

"గట్లని ఆగితే ఎవలు కొడ్తరు? మీరు కొడ్తరా?"

ఎగతాళిగా అన్నారు. నాకు కోపం వచ్చింది. "కొడతాను. మీరు ఆపరేషన్‌కు తేదీ తీసుకొచ్చిన రోజే మొదలుపెడతాను" అన్నాను.

ఆయన పగలబడి నవ్వారు. మల్లమ్మ నవ్వలేదు. "రేపే తీస్కపోత" అంది. మర్నాడు సాయంత్రానికి తేదీ రాసిన చీటీ తెచ్చి నా చేతిలో పెట్టింది. ఇక వెనక్కి తగ్గడానికి నాకు దారి లేకపోయింది.

నేను పెడల్ మీద కాలు పెట్టగానే ఆయన నా పాదాన్ని కొంచెం వెనక్కి జరిపించారు. దిగడం, లేవడం నాకు వెంటనే వచ్చింది. పెళ్లయిన కొత్తలో కొన్న మిషన్ తొక్కీ తొక్కీ మడమా మునివేళ్లూ వంతులవారీగా కదలడం నా కాలికి తెలిసిన పనే. ఆయన కూడా ఆశ్చర్యపోయారు. కానీ చప్పుడు మాత్రం బొంగురుగా వచ్చింది. మొదటి దెబ్బ కొట్టిన గుండు డ్రమ్ము తోలుకే అతుక్కుని ఉండిపోయేది. రెండోది పడటానికి చోటే ఉండేది కాదు.

"కాలు ఎత్తుత లేరు మీరు" అన్నారు. "బరువంత దానిమీదనే ఏస్తున్రు. గది మిషన్ అలవాటు. మిషన్ల చక్రం ఉంటది, మీ కాలును అదే తిప్పుతది. గీడ చక్రం లేదు. తోలు గుండును ఎనకకు తంతది. దాన్ని రానియ్యాలె. జెర వదులుండ్రి."

వదలడమే నాకు చేతకాని పని. మేడ మీది నుంచి మావారు, "ఏమోయ్, లంగా కుడుతున్నావా, డ్రమ్ము కొడుతున్నావా?" అని అరిచేవారు. ఆ ఎగతాళిలో నిజముందని నాకూ తెలుసు.

ఆయన ఆసుపత్రి నుంచి కట్టుతో తిరిగి వచ్చేనాటికి బరువు వదలడం కొంత వచ్చింది. మంచం మీద కాలు చాపుకుని విని ఇంకో తప్పు పట్టుకున్నారు. "మీరు లోపల లెక్క వెడ్తున్రు."

"లెక్క పెట్టకపోతే ఎక్కడ ఉన్నానో ఎలా తెలుస్తుంది?"

"నోరు ఒకటి అన్నంక కాలు కొడ్తున్నది. మీ కాలు మీ నోటి కోసం ఆగుతున్నది. గట్లయితే పరుగెట్ల వస్తది? మిషన్ తొక్కేటప్పుడు లెక్క వెడ్తరా?"

"లేదు. మాట్లాడుతూ కుడతాను."

"అయితే మాట్లాడుండ్రి. మీ గోంగూర పచ్చడి ఎట్ల జేస్తరో చెప్పుకుంట కొట్టుండ్రి."

సిగ్గుపడుతూనే మొదలుపెట్టాను. గోంగూర కడిగి ఆరబెట్టాలి, ఎండుమిరపకాయలూ మెంతులూ వేయించుకోవాలి, ఆకు నూనెలో మగ్గించాలి...

"గోంగూర కాదు, పుంటికూర. ఎల్లిపాయ ఏది?"

"ఎల్లిపాయ తర్వాత."

"ముందే ఎయ్యాలె. పచ్చిమిర్చి లేకుంట అదేం పచ్చడి?"

"మీరు ఊరుకోండి, మాది వేరే పద్ధతి!" అని కసిరాను. ఆ కోపంలో కాలు తన దారిన తాను పోయింది. వంటింట్లోంచి మల్లమ్మ పరుగెత్తుకు వచ్చింది. ఆ పరుగు ఆయనే వాయిస్తున్నారనుకుందట.

ప్రోగ్రాం రోజు సాయంత్రం కాలనీ మండపం ముందు కుర్చీలు వేశారు. నర్సింలు గారిని ఆటోలో తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టి, కట్టు ఉన్న కాలికి ఎదురుగా ఇంకో కుర్చీ వేశారు. కమిటీవాళ్లు అప్పటికే ఒక పక్క డీజే పెట్టెలు దింపి ఉంచారు. నేను చెడగొడితే వెంటనే అవి మోగుతాయి. చీరకుచ్చెళ్లు మోకాలి దాకా దోపుకుని, చెప్పులు విడిచి పెడల్ ముందు కూర్చున్నాను. వెనక ఎవరో "టీచరమ్మ ఏందిరా!" అనడం వినిపించింది.

పాట మధ్యలో పరుగు రావలసిన చోటు దగ్గర పడింది. అలవాటు కొద్దీ లెక్క మొదలైంది. కాలు ఆగింది. మొదటి దెబ్బ ఒంటరిగా పడింది. ముందు వరసలో నర్సింలు గారు తల దించుకున్నారు. ఆ తల చూడలేక నేను కళ్లు మూసుకుని, గోంగూర కడిగి ఆరబెట్టాలి అని మొదలుపెట్టాను. మగ్గించడం దాకా వచ్చేసరికి నా కింద నేల అదురుతోంది. పాడేవాళ్లు పాట ఆపేసి నా వైపు చూస్తున్నారట. నా పెదాలు కదలడం చూసి గణపతి మంత్రం చదువుతున్నాననుకున్నారట జనం. నాకు అవేమీ తెలియవు. రోట్లో నూరడం అయ్యాక ఆపాను.

కిందికి దిగి ఆయన దగ్గరికి వెళితే, కళ్లు తుడుచుకుంటూ అడిగారు. "ఎన్ని కొట్టిన్రు?"

"తెలియదు" అన్నాను. జీవితంలో ఆ ప్రశ్నకు అలాంటి జవాబు ఎన్నడూ ఇవ్వలేదు.

"ఇగ వచ్చింది మీకు" అన్నారు.

పెట్టెలు ఆ రోజు మోగలేదు. మరుసటి ఏడాది మోగాయి. ఎందుకంటే కమిటీ మారింది. నర్సింలు గారు ఆ చప్పుడును తిట్టుకుంటూనే ఇంకొన్నేళ్లు బతికారు. నడకలో కుంటు ఉండేది, పాదం మాత్రం దక్కింది. పోయాక మల్లమ్మ డ్రమ్ములు ఎవరికో ఇచ్చి, పెడల్ ఒక్కటి నాకు ఇచ్చింది. ఇప్పుడు నా వయసుకు మెట్లు ఎక్కడం కష్టం. రక్తం తీయించుకోవడానికి వెళ్లినా, సూదిలో దారం ఎక్కించినా చేయి బిగుసుకుంటుంది. అప్పుడు నోటికి వేరే పని అప్పగిస్తాను. చేయి తన పని తాను చేసుకుంటుంది.

మొన్న ఆదివారం కూడా అలాగే, నూనె వేశాక ఖాళీ మిషన్ తొక్కుతూ ఉండిపోయాను. పైకే చెప్పుకుంటున్నానని నాకు తెలియదు. లోపలి నుంచి మావారు, "ఏవిటి, గోంగూర అంటున్నావు? ఇంట్లో లేదుగా" అన్నారు.

"పుంటికూర తీసుకురండి" అన్నాను. "ఎల్లిపాయలు కూడా."