ముందు పార కింద పెట్టు

మా బావ పోయాడు. మా చెల్లెలి మొగుడు. కల్లంలో పట్టాల మీద ఎండుతున్న మిరపకాయలు తిరగేస్తూ, పక్కనున్న కూలీ మనిషితో ఎండ గురించి ఏదో అంటూ, ఆ మాట పూర్తికాకుండానే కూలబడ్డాడట. నాకు ఫోన్ చేసినవాడు "మీ బావకి కొంచెం బాగోలేదు" అన్నాడు. ఆ మాట ఎప్పుడంటారో ఈ వయసులో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు రాయడం పద్ధతి. రాస్తాను. కానీ ఆ మనిషి మీద నాకు చెప్పలేనంత విసుగ్గా ఉంది. అది దాచి రాయడం నాకు చేతకాదు. నా చదువు నాలుగో తరగతి దగ్గరే ఆగింది, తప్పులుంటే దిద్దుకుని చదవండి. పేరు మాత్రం రాయను. ఏ పేరు రాయాలన్నదే కదా ఇప్పుడు గొడవంతా.

ఆయన మా ఊరు వచ్చింది దివిసీమ ఉప్పెన జరిగిన రెండు మూడేళ్ళకి. అప్పుడు మాకు పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్లు ఉండేవి. పొయ్యి దగ్గర కూర్చుని మంట చూసుకునే మనిషి కావాల్సి వచ్చింది. ఈయన పని అడుగుతూ వచ్చాడు. ఎవరివయ్యా అని మా నాయన అడిగితే, "ఉప్పెనలో అందరూ పోయారండి" అన్నాడు. ఉప్పెన అన్నాక ఇంకేం అడుగుతాం? కులం మీదేనండి అన్నాడు. సరే అన్నాం. తాగడు, మాట తూలడు, పనిలో పొద్దు చూసుకోడు. కొన్నాళ్ళు చూసి మా నాయన చెల్లెల్ని ఇచ్చి ఇల్లరికం పెట్టుకున్నాడు. పెళ్ళి పీటల మీద పంతులు గోత్రం అడిగితే తెలియదన్నాడు. తెలియనివాళ్ళందరికీ కాశ్యప గోత్రమేనని పంతులు కానిచ్చేశాడు. మనిషిని చూడగానే వాడెలాంటివాడో చెప్పేస్తానని ఊళ్ళో నాకు పేరు. ఆ సంబంధం బాగుందని ముందుగా అన్నది నేనే.

ఆయన ఎడమ చెవి తమ్మె రెండుగా చీలి ఉండేది. ఎలా అయింది బావా అంటే ఒకసారి ఎద్దు కొమ్ము అనేవాడు, ఇంకోసారి తుమ్మకంప అనేవాడు. ఏదో ఒకటి తేల్చి చెప్పవయ్యా అంటే, "ఏదైతేనేం, వినపడుతోందిగా" అనేవాడు.

ఆయనతో వేగడం అంత తేలిక కాదు. పక్క చేను ఆసామి దున్నినప్పుడల్లా గట్టుని ఒక సాలు ఇటు జరిపేవాడు. ఈయన చూస్తూ ఊరుకునేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఏం బావా, కళ్ళు కనపడట్లేదా? గట్టు జరుగుతోంది."

"గట్టు జరిగితే జరిగింది. మనం జరక్కుండా ఉంటే చాల్లే."

ఒకసారి ఆగలేక నేనే పార భుజాన వేసుకుని ఆ ఆసామి మీదికి వెళ్ళాను. ఈయన వెనకాల పరిగెత్తుకొచ్చి నడుం పట్టుకున్నాడు. "ముందు పార కింద పెట్టు బావా. తర్వాత ఎంతసేపైనా తిట్టుకో. చేతిలో పార పెట్టుకుని మాట్లాడితే అదీ మాట్లాడుద్ది." కింద పెట్టేదాకా వదల్లేదు. ఇంత పిరికివాణ్ణి చెల్లెలికి కట్టబెట్టామేంట్రా అనుకున్నాను. ఆ పార మాట ఊళ్ళో పిల్లలకి కూడా అలవాటైపోయింది. ఎవరు గొడవపడినా "ముందు పార కింద పెట్టరా" అని ఈయన్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళు. ఆయనా నవ్వేవాడు.

నా తుంటి విరిగి మంచంలో ఉన్న ఏడు నా చేను తడిపింది ఆయనే. తన వంతు నీళ్ళు నా పత్తికి వదిలి, తన మిరప తోట ఎండగొట్టుకున్నాడు. అందుకు కూడా తిట్టాను. మా చెల్లెలి మీద ఏనాడూ గొంతు లేపలేదు. చెల్లెలే గొంతు లేపితే వెళ్ళి గేదె పక్కన కూర్చునేవాడు. పెళ్ళిళ్ళలో ఫోటోకి రమ్మంటే గాడిపొయ్యి దగ్గర అన్నం మాడుతోందని లేచిపోయేవాడు. సిగ్గేమో అనుకున్నాం.

అందువల్ల పోయినప్పుడు ఫ్లెక్సీకి ఫోటో దొరకలేదు. వాళ్ళబ్బాయి, మా మేనల్లుడి ఫోన్లో ఒకటుంది, కల్లంలో పక్కకి తిరిగి నిలబడినప్పుడు తీసింది. ఆ చీలిన చెవి కొట్టొచ్చినట్టు కనపడుతోంది. ఫ్లెక్సీ కొట్టువాడు ఆయనకి నల్ల కోటు తొడిగాడు, జన్మలో చొక్కా గుండీలు సరిగా పెట్టుకోని మనిషికి. చెవి కూడా కంప్యూటర్లో సరిచేస్తానన్నాడు. "ముట్టుకోవద్దు. ఆ చెవి లేకపోతే ఆయన కాదు" అన్నాను. నా బావ బొమ్మ ఎంత పెద్దదిగా ఉంటే అంత మర్యాద అనుకుని సెంటర్లో ఒకటి, బస్టాండు దగ్గర ఒకటి కట్టించాను. కుర్రాళ్ళు దాన్ని ఫోన్లలో అందరికీ పంపుకున్నారు.

వారం తిరక్కముందే ఒకాయన వచ్చాడు. యాభై దాటినవాడు, తల నెరిసింది.

"ఫ్లెక్సీలో ఉన్నాయన ఇల్లు ఇదేనాండి?"

"ఇదే. తమరెవరు?"

"వరసకి ఆయన నాకు చిన్నాన్నండి."

ఉప్పెనలో ఆయన తరఫున ఒక్కడన్నా మిగిలాడని సంతోషించాను. కుర్చీ వేసి మంచినీళ్ళు తెమ్మన్నాను. ఉప్పెన సంగతి నేనెత్తితే ఆయన నా మొహంలోకి చూశాడు.

"ఉప్పెనేందండి? మాది పొదిలి అవతల మెట్ట. మాకు తాగడానికే నీళ్ళుండవు."

తర్వాత మెల్లగా చెప్పాడు. ఉమ్మడి బావి. ఇంజను నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరిగింది. మా బావ చేతిలో పార ఉంది. తన పెదనాన్న కొడుకుని కొట్టాడు. ఒకటే దెబ్బకి ప్రాణం పోయింది. ఆ పోయినాయన కొడుకే ఈ వచ్చినాయన, అప్పటికి పలక పట్టిన పిల్లాడు. వాళ్ళమ్మ అడ్డం పడి, పారిపోతున్న మరిది చెవి పోగు పట్టుకుని లాగింది. పోగు ఆవిడ చేతిలో ఉండిపోయింది, మనిషి చిక్కలేదు. మొన్న ఎవరో ఫోన్లో బొమ్మ చూపిస్తే ఆ చెవి చూసి ఆవిడే పోల్చుకుంది.

మంచినీళ్ళు ముట్టకుండానే ఆయన లేచి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత పోలీసులు వచ్చారు. ఆ ఎస్సై పుట్టకముందు కేసు అది. "ఇన్నేళ్ళు పక్కనే ఉండి మీకు తెలియలేదా?" అన్నాడు. "మీకూ తెలియలేదు కదండీ" అన్నాను. పాత కాగితాలు చెదలు తినేశాయనీ, ముద్దాయే పోయాడు కాబట్టి కేసు మూతపడుతుందనీ చెప్పి, టీ తాగి వెళ్ళారు. మా మేనల్లుడు రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కూర్చున్నాడు.

"మామయ్యా, ఇంతకీ నా ఇంటిపేరేంటి?"

"ఆధార్‌లో ఏముందో అదే. లేచి గేదెకి మేత వెయ్యి."

టీ కొట్టు దగ్గర నా ఈడువాడే ఒకడు, "ఏరా, మీ బావ హంతకుడంటగా?" అన్నాడు. "నీ కూతురి పెళ్ళికి గాడిపొయ్యి తవ్వింది ఆ హంతకుడే. తిన్నది అరిగిందిగా నీకు?" అన్నాను. కానీ ఇంటికొచ్చాక నాకు నేను ఏం చెప్పుకోవాలో తెలియలేదు. ఒక కంచంలో తిన్నాం. ఒక్కసారి, ఒక్క మాట నాతో చెప్పకూడదా? చెబితే నేనేం చేసేవాణ్ణి అంటే, అదీ తెలియదు. ఆ సంగతి తలుచుకుంటే ఇంకా విసుగు.

పెద్దకర్మ దగ్గరపడింది. పంతులు ఒక చిక్కు తెచ్చిపెట్టాడు. ఆ రోజు పోయినాయన పిండాన్ని ఆయన తండ్రి, తాత, ముత్తాతల పిండాల్లో కలపాలి. ఉప్పెనలో పోయారని చెప్పిన పేర్లన్నీ కల్లలే. "తెలియక పెడితే ఒక దారి. అబద్ధమని తెలిశాక ఆ పేర్లు నేనెలా పలికించను? ఎవరిలో కలపమంటారు?" అన్నాడు.

మా చెల్లెలు అప్పటిదాకా ఏడవలేదు, తిట్టలేదు. అప్పుడు నన్ను పిలిచింది.

"అన్నయ్యా, ఆయన చేసిందానికి ఆయనే జవాబు చెప్పుకుంటాడు. కానీ నా మొగుణ్ణి దిక్కులేనివాడిలా గాలిలో వదలను. ఆయన అసలు పేరేంటో, వాళ్ళ నాన్న పేరేంటో కనుక్కురా."

"అది వాళ్ళనే అడగాలే."

"అడుగు."

నేను జన్మలో ఒకరి గుమ్మం ముందు నిలబడి ఏదీ అడగలేదు. బస్సెక్కాను. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల వెనక బస్సు పాకుతుంటే, వాటినీ తిట్టాను, ఆయన్నీ తిట్టాను.

వాళ్ళింటి వసారాలో ఆ వచ్చినాయన తల్లి, ముసలావిడ, చేటలో కందులు చెరుగుతోంది. కూర్చోమనలేదు.

"ఎవరు నువ్వు?"

"ఆయన బావమరిదినమ్మా."

చాలాసేపు చెరిగింది. "అక్కడ నవ్వేవాడా?"

నాకు అబద్ధం చేతకాదు. "నవ్వేవాడమ్మా" అన్నాను.

"పొలం ఉందా?"

"ఉంది."

"బావి కిందేనా?"

"కాలవ కింద."

"కాలవ కింద" అని తనలో తను అనుకుంది. నేను వచ్చిన పని, కర్మ ఏ రోజో, ఎక్కడో చెప్పాను. ఆవిడ నోరెత్తకముందే కొడుకు లేచాడు. "మా నాన్న పోతే అడిగిన నాథుడు లేడు. వాడి పేరు కోసం బస్సెక్కి వచ్చారా? ఇన్నాళ్ళూ ఏదో పేరు పెట్టుకోలా? ఇంకోటి పెట్టుకోండి" అన్నాడు. అందులో తప్పు పట్టడానికి నాకేం దొరకలేదు. తిరిగి వచ్చేశాను. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక కండక్టరు మీద చూపించాను.

కర్మ రోజు కాలవ గట్టు మీదికి ఊళ్ళో సగం మంది రాలేదు. రానివాళ్ళెవరో నాకు బాగా గుర్తుంది. పిండాలు సిద్ధంగా ఉన్నాయి. మేనల్లుడు తడి పంచెతో కూర్చున్నాడు. పొద్దెక్కుతోందని పంతులు గొణుగుతున్నాడు. మా చెల్లెలు రోడ్డు వైపే చూస్తోంది. ఇంక ఆ కాశ్యప గోత్రమే చదవండి అని నేను అనబోతుండగా ఆటో ఆగింది. తల్లీ కొడుకూ దిగారు.

మా చెల్లెలు ఎదురెళ్ళి నిలబడింది. "అక్కా" అంది.

"నువ్వేనా?"

"నేనే."

"కొట్టేవాడా నిన్ను?"

"లేదక్కా."

"ఊఁ. నాకు తోడికోడలివి. ఏం చేద్దాం" అందా ముసలావిడ. తర్వాత అందరికీ వినపడేట్టు, "నేను వాడి కోసం రాలా. మా ఆయన ఆ పెద్దల దగ్గరే ఉన్నాడు. వీణ్ణీ అక్కడికే పంపండి. వాళ్ళ ముందే ఇద్దరూ తేల్చుకుంటారు" అంది. కొడుకుని పంతులు దగ్గరికి వెళ్ళమని, తను మాకు వీపు తిప్పి కాలవ మెట్టు మీద కూర్చుంది.

కొడుకు మొహం చిట్లించుకునే వచ్చి నిలబడ్డాడు. మొదట గోత్రం చెప్పాడు. తర్వాత మా బావ పేరు చెప్పాడు. తన మొగుడి అసలు పేరు మా చెల్లెలు వినడం అదే మొదటిసారి. పెదాలు కదిపి చూసుకుంది, బయటికి అనలేదు. చెల్లెలే అనని పేరు నేనెందుకు రాయాలని ఇక్కడ రాయలేదు. తర్వాత తండ్రి పేరు. తర్వాత తాత పేరు. ఆ తాత తనకి ముత్తాతేనని చెబుతూ ఆయన గొంతు కాస్త తగ్గింది. ఒక్కొక్కటే మేనల్లుడు పలికాడు.

మా బావ ముత్తాత పేరు దగ్గర ఆ వచ్చినాయన ఆగిపోయాడు. గుర్తు రాలేదు. పంతులు దర్భ పట్టుకుని చూస్తున్నాడు.

మెట్టు మీద నుంచి ముసలావిడ, వెనక్కి తిరక్కుండానే, ఆ పేరు గట్టిగా చెప్పింది.

పాతకాలం పేరు. మేనల్లుడికి నోరు తిరగలేదు, తప్పు పలికాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది, ఈసారి నెమ్మదిగా, విడదీసి, బడిపిల్లాడికి చెప్పినట్టు. మళ్ళీ తడబడ్డాడు. ఇంకోసారి చెప్పింది. ఈసారి సరిగ్గా పలికాడు.

"ఆఁ" అందావిడ, అటు కాలవ వైపే చూస్తూ.